ఎర్ర రిబ్బన్ లేని తాళం

నారాయణను చంపింది లారీ కాదు. మీరు. ఢిల్లీలో ఏసీ గదిలో కూర్చుని, ఆయన రాసిన మూడు ఉత్తరాలూ అందుకుని, మూడింటి మీదా 'తగు చర్య నిమిత్తం పంపడమైనది' అని రాసి చేతులు దులుపుకున్న మీరు. ఎవరికి పంపారో తర్వాత చెప్తాను. ముందు ఆయనెవరో వినండి. ఉత్తరాలే చదవని వాళ్లకు మనిషేం తెలుస్తాడు?

జమ్మలమడుగు మనిషి. ఇరవై ఏళ్లు ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్. రిటైరై వచ్చి, ప్రొద్దుటూరులో పాపయ్య శెట్టి గుడ్డల అంగడి మేడ మీద 'పాత రెక్కలు' అని ఒక సంఘం పెట్టాడు. వారం వారం పదమూడు మంది కూడి పాత విమానాల కథలు చెప్పుకుంటారు. ఏది ఏ ఏడాది ఎగిరింది, ఏది చెక్కతో చేశారు, ఏది నీళ్ల మీద దిగేది. మిగిలిన రోజుల్లో వాట్సాప్‌లో అదే వాదన. వాళ్ల దగ్గర రహస్యాలు లేవు. ఒక జబ్బు మాత్రం ఉంది. విమానం గురించి ఎవరైనా తప్పు మాట్లాడితే తట్టుకోలేరు. సరిదిద్దేదాకా చేతిలోని కాఫీ కూడా తాగరు.

ఆ జబ్బును శత్రువు కనిపెట్టాడు.

పట్టపగలు పదకొండు గంటలకు, ప్రొద్దుటూరు రోడ్డులో, నంబర్ ప్లేటు లేని లారీ నారాయణ బైకును వెనక నుంచి గుద్ది ఆగకుండా పోయింది. ఫైల్లో 'ప్రమాదం' అని రాశారు.

నాలుగు రోజుల తర్వాత, గురువారం, కడపలో ఒక గెస్ట్ హౌస్. ఏజెంట్ షాహీదాబీ డైరెక్టర్ ఎదుట కూర్చుంది.

"విమానాల గురించి నీకేం తెలుసు?"

"ఎక్కితే చెవులు మూసుకుపోతాయి సార్."

డైరెక్టర్ నవ్వలేదు. ఒక ఫోటో ముందుకు తోశాడు. రెండు ఇంజన్లు, ఆకాశం వైపు ఎత్తిన ముక్కు, నేలకు ఆనిన తోక.

"డకోటా. ఈ ఆదివారం పదిన్నరకు పులివెందుల ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగురుతుంది. జనం దృష్టిలో పాత విమానాల ప్రదర్శన. నిజానికి దాని పొట్ట కింద మన కొత్త రాడార్ ఉంది. టెస్ట్ ఫ్లైట్. ఇద్దరు పైలట్లు, ఐదుగురు సైంటిస్టులు."

"పాత విమానంలో ఎందుకు సార్?"

"ఎవరూ అనుమానించరని."

"అనుమానించారుగా."

"ఒక విదేశీ ముఠా దాన్ని కూల్చబోతోంది. ఎలాగో తెలియదు. 'పాత రెక్కలు'లో వాళ్ల మనిషి ఒకరు ఉన్నారని మాత్రం సమాచారం."

"ప్రోగ్రాం ఆపండి."

"ఆధారం లేకుండా పైవాళ్లు ఒప్పుకోరు."

"చచ్చిపోయిన నారాయణ మనకేమైనా రాశాడా?"

"నా టేబుల్ దాకా ఏదీ రాలేదు," అంటూ డైరెక్టర్ ఫైలు మూశాడు. "ఆ సంఘంలో మన ఫీల్డ్ ఆఫీసర్ ఏడాదిగా ఉంది. పేరు చందన. నీకు సాయం చేస్తుంది."

షాహీదాకు ఒక టిఫిన్ క్యారియర్ ఇచ్చారు. పై గిన్నెలో చిత్రాన్నం. కింది గిన్నెలో రేడియో సిగ్నళ్లను అడ్డుకునే జామర్.

శుక్రవారం ఆమె పెన్షన్ కాగితాలు చూసే క్లర్కు వేషంలో జమ్మలమడుగులో దిగింది. నారాయణ భార్య అలివేలమ్మ వాకిట్లోనే నిలబెట్టింది.

"యా ఆఫీసమ్మా మీది? ఆయప్ప బతికుండంగ ఒక్కరు రాలే. ఇప్పుడొస్తాండారే దండుగా!"

"నేనొక్కదాన్నే పెద్దమ్మా. ఆయన రాసిన జాబులు చూడాల."

అలివేలమ్మ ఆమె ముఖంలోకి శానాసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి ట్రంకు పెట్టెలోంచి ఒక అట్ట తెచ్చింది. సర్వీసులో అలవాటు. నారాయణ ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ పెట్టుకునేవాడు.

మూడో ఉత్తరంలో ఇలా ఉంది: 'మా గ్రూపులో బ్లూబర్డ్ అనే పేరుతో ఒకరు, డకోటా గస్ట్ లాకులు కాక్‌పిట్‌లో ఉంటాయని రాశారు. తప్పు కదా, సరిదిద్దాను. విమానం నేల మీద ఉన్నప్పుడు గాలికి తోక రెక్కలు కొట్టుకోకుండా బయటి నుంచే తాళాలు బిగిస్తారని, మరిచిపోకుండా వాటికి ఎర్ర రిబ్బన్లు కడతారని, తీయకుండా ఎగిరితే విమానం మిగలదని రాశాను. తోక దగ్గర సందు ఎన్ని అంగుళాలో కూడా రాశాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. బ్లూబర్డ్ రాసింది తప్పు కాదు సార్. అది ప్రశ్న. నేను జవాబు చెప్పేశాను.'

కింద పిన్ను కొట్టి మీ జవాబు. ఒక్క వాక్యం. 'తగు చర్య నిమిత్తం సంబంధిత ఫీల్డ్ ఆఫీసరుకు పంపడమైనది.'

షాహీదా ఆ వాక్యాన్ని రెండోసారి చదివింది.

"ఏందమ్మా రాసుండాది దాంట్లో?" అలివేలమ్మ అడిగింది.

"ఆయన తప్పేమీ లేదని రాసుండాది పెద్దమ్మా."

"అది నాకు తెలుసులే. ఆ మాట వాళ్ల నోట్లోనుంచి రావాల."

శనివారం సాయంత్రం. పాపయ్య అంగడి మేడ. నారాయణ ఫోటోకు దండ వేసి ఉంది. పాపయ్యకు అరవై రెండేళ్లు. విమానాల పిచ్చి ఎలా పట్టిందంటే, గుడ్డ వల్ల పట్టింది.

"పుష్పక్ అని మన దేశంలోనే చేసినారు. రెక్కలకు కట్టింది ఏంది? గుడ్డ! నేను అమ్మే మాదిరి గుడ్డ! దాని మీద రంగు పూసి ఆకాశంలోకి తోలినారప్పా!"

అందరూ వందోసారి విన్నట్టే తల ఊపారు. కిటికీ పక్కన చందన కూర్చుని ఉంది. నీలం పట్టుచీర, మెడలో ఖరీదైన కెమెరా. బెంగళూరు నుంచి వచ్చి పాత విమానాల మీద పుస్తకం రాస్తున్నానని సంఘంలో చెప్పుకుంది. నెల కిందట ఒకాయన మారుత్ యుద్ధవిమానం ఎగిరిన ఏడాది తప్పు చెబితే, చేతులు జోడించేదాకా వదల్లేదట.

మధ్యాహ్నం బస్టాండులో షాహీదాతో కోడ్ మాటలు సరిచూసుకున్నప్పుడు చందన చెప్పింది ఒకటే. "రేపు ఏమీ జరగదు. కంగారు పడకండి."

నారాయణ పెన్షన్ పని మీద వచ్చానని చెప్పి కూర్చున్న షాహీదా, కాఫీ గ్లాసు కింద పెట్టి, అమాయకంగా అంది. "డకోటాకు తాళాలు లోపల కాక్‌పిట్‌లోనే ఉంటాయంట కదా మామా?"

మేడ కూలినంత పని అయింది.

"లోపలా? ఎవురు చెప్పినారు తల్లీ?"

"బయటమ్మా, బయట!"

"తోక కాడ! ఎర్ర రిబ్బను కట్టి! మా నారాయణన్న ఉంటే నిన్ను మెట్లు దిగనిచ్చునా?"

పదకొండు గొంతులు. చందన మాత్రం కిటికీలోంచి వీధి చూస్తోంది. గొంతులు సద్దుమణిగాక, "చీకటి పడుతోంది, పొద్దున్నే బయల్దేరాలి కదా," అని లేచింది.

షాహీదా మెట్ల కిందికి పోయి ఫోన్ చేసింది.

"సార్, నారాయణ ఉత్తరాలను ఢిల్లీ వాళ్లు పంపింది ఏ ఫీల్డ్ ఆఫీసరుకు?"

"ఆ ఏరియాలో మనకున్నది ఒక్కరే."

విన్నారా? తన గుంపులో దొంగ ఉందని ఆయన మొత్తుకుంటే, ఆ మొత్తుకోలును మీరు దొంగ చేతికే పెట్టారు. మూడు సార్లు. రిజిస్టర్డ్ పోస్టులో.

"ప్రోగ్రాం ఆపండి సార్."

"ఆమె మీద ఆధారం?"

"నోరు మూసుకుంది."

"అది ఆధారమా?"

"ఈ సంఘంలో అదే ఆధారం సార్."

ఆపలేదు. పైవాళ్లకు సెలవు రోజట.

ఆదివారం. వేంపల్లె, వేముల నుంచి కూడా జనం ఆటోల్లో వచ్చారు. షాహీదా తోక దగ్గరికి పోబోతే సెక్యూరిటీ గార్డు తాడు అడ్డం పెట్టాడు. గ్రౌండ్ ఇంజనీరు చేతిలోని తాళాలు ఎత్తి చూపాడు. అన్నిటికీ ఎర్ర రిబ్బన్లు. "అన్నీ తీసేశాం మేడమ్."

పైలట్ తోక రెక్కలను పైకీ కిందికీ ఆడించి చూశాడు. సాఫీగా ఆడాయి. ఆమె ఊపిరి పీల్చుకోబోయింది. అప్పుడు కనిపించింది. రెక్క పైకి లేచినప్పుడు సందులో పిడికెడంత వెండి రంగు తాళం ఒకటి పట్టుకారులా నోరు తెరుచుకుని ఉంది. రిబ్బన్ లేదు. ఇప్పుడు పట్టుకోదు. సిగ్నల్ వస్తే పట్టుకుంటుంది.

సిగ్నల్ ఎవరి చేతిలో?

సంఘం మొత్తం ఫోన్లు ఎత్తి విమానం ముక్కు ఫోటో తీస్తోంది. చందన పక్కకు నిలబడి కెమెరాను తోక వైపు తిప్పింది. వేలు మీట మీద ఉంది. లెన్స్ మూత మాత్రం తీయలేదు.

ఇంజన్లు గర్జించాయి. డకోటా కదిలింది. షాహీదా టిఫిన్ క్యారియర్ కింది గిన్నె తెరిచి బటన్ నొక్కింది. ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. ఢిల్లీ వాళ్లు జామర్ పంపారు. చార్జింగ్ పెట్టలేదు.

చందన ఇరవై అడుగుల దూరంలో ఉంది. మధ్యలో జనం. విమానం తోక నేల మీది నుంచి లేవబోతోంది.

షాహీదా గొంతు చించుకుని అరిచింది.

"పాపయ్య మామా! ఇది డకోటానే కాదంటాంది చందన! రష్యా వాళ్ల కాపీ అంట!"

పదకొండు తలలు ఒక్కసారి తిరిగాయి.

"ఏం మాటమ్మా అది!"

"కాపీనా? ఇంజను చూసి మాట్లాడు!"

"నీ పుస్తకం తగలెయ్య, కళ్లు ఉండాయా నీకు!"

పదకొండు మంది ఆమె మీదికి వచ్చి పడ్డారు. ఎవరో చెయ్యి పట్టుకుని ఇంజను వైపు చూపించారు. చందన వేలు మీట మీది నుంచి జారింది. ఆ సందులో షాహీదా దూరి, కెమెరా పట్టీతో సహా లాక్కుని, బ్యాటరీ ఊడబీకింది.

"మామా, విమానం ఆపు! తోకలో తాళముండాది!"

పాపయ్య ఒక్క ప్రశ్న వేయలేదు. వేదికకు తన అంగడి నుంచే తెచ్చి కట్టిన ఎర్ర గుడ్డను ఊడలాగి, తాడు దాటి, రన్‌వే పక్కన ఊపుకుంటూ పరుగెత్తాడు. పైలట్ చూశాడు. ఇంజన్ల హోరు తగ్గింది. టైర్లు కీచుమన్నాయి. డకోటా చివరి కంచెకు బారెడు దూరంలో ఆగింది.

లోపలి నుంచి ఏడుగురు దిగారు. సందులోంచి తీసిన తాళాన్ని పాపయ్య చేతిలోకి తీసుకుని వేళ్లతో కొలిచాడు. "మా నారాయణ చెప్పిన కొలతే," అన్నాడు. "అంగుళం తేడా లేదు."

చేతులకు బేడీలు పడుతుంటే చందన అదోలా నవ్వింది. "కాపీ అని నేను అనలేదు. అది అసలు డకోటానే. రికార్డు కోసం చెబుతున్నా."

సరే. మీరు పత్రికలకు ఫోటోలు ఇచ్చుకున్నారు. ఇప్పుడు చేయాల్సింది చేయండి. నారాయణ ఫైల్లో 'ప్రమాదం' అన్న మాట కొట్టేసి 'హత్య' అని రాయండి. ఆ మూడు ఉత్తరాల మీద సంతకం పెట్టిన చేతి పేరు బయట పెట్టండి. జమ్మలమడుగు వచ్చి, అలివేలమ్మ వాకిట్లో నిలబడి, నీ మొగుడు తప్పు చేయలేదు, మేం చేశామని మీ నోటితో చెప్పండి.

ఈ కాగితాన్ని మాత్రం 'తగు చర్య నిమిత్తం' జైల్లో ఉన్న చందనకు పంపకండి.