ఎర్ర టేపు కింది బటన్

జస్టిన్‌ను చంపడానికి వాళ్లు తుపాకీ దాకా పోలేదు. ఇసుక లారీ సరిపోయింది. ఖానాపురం హవేలి మలుపులో, పట్టపగలు, అన్ని షేర్ ఆటోల మధ్య అతని బైకునే ఏరుకుని గుద్దింది. చుట్టూ చేరిన జనం అయ్యో పాపమన్నారు, పోలీసులు యాక్సిడెంట్ అని రాసుకుని చేతులు దులుపుకున్నారు.

హైదరాబాద్‌లో ఇంటెలిజెన్స్ చీఫ్ రామ్‌చందర్ ఒక్కడే నమ్మలేదు. వెంటనే ఫోన్ తీశాడు.

"షాలేమ్‌రాజూ, ఎక్కడున్నావ్?"

"తల్లాడ బస్టాండ్‌లో సార్."

"భద్రాచలం దాటాక అడవి అంచున ఒక సొసైటీ ఉంది. ఆన్‌లైన్‌లో తేనె అమ్ముతుంది. ఆ షాపు తయారుచేసినవాడే జస్టిన్. రివ్యూల ప్లగిన్‌లో హోల్ ఉంది, మనం వెతుకుతున్న విదేశీ ముఠా అందులోంచి దూరబోతోందని నిన్న నాకు చెప్పాడు. ఇవాళ లేడు."

"తేనె షాపుతో ఆ ముఠాకు ఏం పని సార్?"

"మాస్టారు."

షాలేమ్‌రాజు బస్టాండ్ గోల నుంచి పక్కకు జరిగాడు. ఆ ముఠా మీద సాక్ష్యం చెప్పడానికి మిగిలిన ఒకే ఒక్క మనిషి కోడ్‌నేమ్ అది. ప్రభుత్వం ఆయన్ను దాచిపెట్టింది.

"ఆయనకు ఆయాసం. ప్రతి నెలా మొదటి శనివారం, భోజనమయ్యాక, ఆ షాపులోనే పుట్టతేనె ఆర్డరు చేస్తాడు. వద్దంటే వినడు. మొన్ననే ఇల్లు మార్చారు. ఇవాళ వచ్చే ఆర్డర్ మీద కొత్త అడ్రస్ ఉంటుంది."

"ఫోన్ చేసి ఆపండి సార్!"

"ఆయనెక్కడున్నాడో, ఏ నంబరో నాకే తెలియదు. తెలిసిన ఒక్క ఆఫీసరూ ఢిల్లీ విమానంలో ఉన్నాడు. అక్కడ ఫ్లోరెన్స్ ఉంది, మన మనిషే. వెళ్లు."

వెళ్లాడు. కంప్యూటర్ రిపేర్ మనిషి వేషం. సంచీలో స్క్రూడ్రైవర్లు, వాటి అడుగున బేడీలు, జేబులో పెన్ కెమెరా. డిపార్ట్‌మెంట్ ఎంతో ముచ్చటపడి ఇచ్చిన ఆ కెమెరా బ్యాటరీ బస్సు ఎక్కేలోపే చచ్చింది. మన గాడ్జెట్ల సంగతి ఇంతే!

సొసైటీ అంటే ఒక రేకుల గది. తేనె డబ్బాలు, ఇప్పపూల మూటలు, మధ్యలో కంప్యూటర్. గుమ్మంలోనే ఫ్లోరెన్స్ ఎదురైంది. నల్ల కళ్లద్దాలు, సిల్కు చీర, ఆ అడవిలో కూడా చెదరని లిప్‌స్టిక్. ఊరివాళ్లకు ఆమె మార్కెటింగ్ మేడమ్.

"తేనె గడ్డకట్టిందా?" అన్నాడు, కోడ్ ప్రకారం.

"ఎండలో పెడితే కరుగుతుంది," అంది ఆమె, కోడ్ ప్రకారమే. తర్వాత అంత తీపిగా నవ్వాల్సిన పని మాత్రం లేదు.

కంప్యూటర్ ముందు, ఆర్డర్లు చూసే అమ్మాయి గ్రేస్ కూర్చుని ఉంది. పక్కనే తేనె తీసే కుటుంబాల పెద్ద ఎర్రమ్మ. కొన్నవాళ్లు ఏం రాసినా గ్రేస్ గట్టిగా చదవాలి, ఎర్రమ్మ దాన్ని ఊరికి మోసుకుపోయి చెప్పాలి. అది అక్కడి పద్ధతి. వాళ్ల తేనెను ఎవరో ఎక్కడో మెచ్చుకున్నారంటే ఊరంతా ఆ రోజు అదే ముచ్చట.

"ఇయ్యాల ఒకటొచ్చింది సార్," అంది గ్రేస్ సంబరంగా. "మస్తుందని రాసిండ్రు. మేడమ్ ఓపెన్ చెయ్యమంటే చేసి సదివిన."

షాలేమ్‌రాజు గబగబా ఆ పేజీ వెనకున్న కోడ్ తెరిచాడు. మెచ్చుకోలు చివర, కంటికి కనపడకుండా, ఒక స్క్రిప్ట్. రివ్యూలో ఏం రాసినా అది వట్టి రాతగా మిగలాలి. ఈ దిక్కుమాలిన ప్లగిన్ దాన్ని ఆజ్ఞ అనుకుని నడిపించేస్తుంది. గ్రేస్ తెరవగానే ఆమె లాగిన్ కుకీ పరాయి దేశానికి పోయింది. ఆ కుకీ లోపలివాళ్ల టోకెన్ లాంటిది. అది చూపించినవాణ్ని సైటు పాస్‌వర్డ్ అడగదు. అంటే ఇప్పుడు గ్రేస్ చూసేదంతా ముఠా కూడా చూస్తుంది.

పాస్‌వర్డ్ మార్చబోయాడు. పాతది చెప్పమంది.

"పాస్‌వర్డ్ ఏంది, గ్రేస్?"

"మాకేమెరుక సార్? జస్టినన్నకే ఎరుక. ఆయనే లోపలికి తీస్కపోయి పెట్టిండు. అన్నకు ఫోన్ చేస్త ఉండుండ్రి."

"చెయ్యకమ్మా." ఆమె తీసిన ఫోన్ పక్కకు జరిపాడు. "పొద్దున లారీ గుద్దింది. జస్టిన్ లేడు."

గ్రేస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ప్రభువా," అని మాత్రం అనగలిగింది. ఎర్రమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది. వాళ్లకు ఏడవడానికి కూడా టైం ఇవ్వలేని ఉద్యోగం మీద షాలేమ్‌రాజుకు అసహ్యం పుట్టింది.

అప్పుడు కనిపించింది, మానిటర్ పైమూల అద్దానికి అంటించిన ఎర్ర టేపు. అతను గోటితో గీకబోయాడు.

"ముట్టకుండ్రి సార్!" గ్రేస్ చెయ్యి పట్టుకుంది. "దాని కింద లాగౌట్ ఉంది. ఈడ నెట్ గిట్ల పాకుతది గదా, బయటికొస్తే మళ్ల లోపలికి పోవుడు కష్టమని అన్న టేపేసిండు. మేం ఎన్నడు బయటికి రాలే. పొద్దుగూకితే గుడ్డ కప్పి పోతం."

లాగౌట్ కొడితే టోకెన్ చచ్చిపోతుంది. ముఠాకు కళ్లు పోతాయి. సొసైటీకీ పోతాయి. పాస్‌వర్డ్ జస్టిన్‌తో మట్టిలోకి వెళ్లింది.

"కొట్టకు," అంది ఫ్లోరెన్స్ మెల్లగా. కళ్లద్దాలు తీసింది, సెల్ చెవిన పెట్టుకుంది. "ఆర్డర్లన్నీ లోపలున్నాయి. ఎవరికి పంపాలో కూడా వీళ్లకు తెలియదు. సీజన్ మొత్తం పోతుంది. ఒక్క ముసలాయన కోసం ఇన్ని కొంపలు ముంచుతావా, షాలేమ్‌రాజూ?"

మాస్టారు ముసలాయన అని అతను చెప్పలేదు. చీఫ్ కూడా ఆమెకు చెప్పి ఉండడు. రెండు చోట్లా జీతం తీసుకునేవాళ్లకు ఏ మాట ఎక్కడ విన్నారో గుర్తుండదు.

కానీ ఆమె అన్నదాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. అదే అతని ఖర్మ.

"ఏంది బిడ్డా గీ లొల్లి?" ఎర్రమ్మ అతని మొహంలోకి చూసింది. "ఈ కంప్యూటర్ డబ్బా రాకముందు షావుకారి చెప్పిందే రేటు. మా పోరలు పానం మీదికి తెచ్చుకుని చెట్లెక్కుతరు. మళ్ల ఆని గుమ్మం కాడ నిలవడమంటవా?"

"అక్కడ ఒక మనిషి చచ్చిపోతాడమ్మా."

"ఎవలాయన?"

"పేరు తెలియదు."

"పేరు తెల్వని మనిషి కోసం మా బువ్వ తీస్తవా?"

అతను మళ్లీ టేపు మీద గోరు ఆనించాడు.

అంతలో కంప్యూటర్లో గంట మోగింది. కొత్త ఆర్డర్ వస్తే మోగాలని జస్టిన్ చర్చి గంట పెట్టాడు. అది వినపడితే గ్రేస్‌కు "స్తోత్రం" అనడం అలవాటు. ఇవాళ అనలేదు. తెర మీద ఒక వరస మెల్లగా దిగుతోంది. పుట్టతేనె, రెండు సీసాలు. అడ్రస్ మాత్రం క్లిక్ చేస్తేనే వస్తుంది.

"వచ్చేసింది, ఓపెన్ చెయ్!" ఫ్లోరెన్స్ ఫోన్లో అరిచింది.

షాలేమ్‌రాజు టేపు పీకి క్లిక్ కొట్టాడు.

నెట్ పాకింది. తెర తెల్లగా అయింది. తర్వాత ఖాళీ గళ్లు రెండు వచ్చాయి. యూజర్ నేమ్, పాస్‌వర్డ్.

ఆమె ఫోన్లో అవతలి గొంతు ఏదో పరాయి భాషలో బూతులు తిట్టింది. ఫ్లోరెన్స్ సెల్ మూసి చేతులు తనే ముందుకు చాపింది. బేడీలు పడ్డాక ఎర్రమ్మ వైపు చూపిస్తూ, "వీళ్ల మొహాలు చూడు. నేను చేసిన నష్టం ఎక్కువా, నువ్వు చేసిందా?" అంది.

గ్రేస్ కీబోర్డు లాక్కుని జస్టిన్ పేరు కొట్టింది, వాళ్లమ్మ పేరు కొట్టింది, యేసు పేరు కొట్టింది. అన్నీ తప్పే. కాసేపటికి లాగిన్ లాక్ అయింది. ఆమె కంప్యూటర్ మీద గుడ్డ కప్పి, దాని మీదే తల పెట్టి ఏడ్చింది.

"సర్వర్ వాళ్లతో మాట్లాడి తెరిపించండి సార్," అని షాలేమ్‌రాజు ఆ సాయంత్రమే చీఫ్‌ను బతిమాలాడు.

"లోపల మాస్టారి అడ్రస్ ఉంది. ఆ తలుపు ఇంక తెరుచుకోకూడదు. ఎప్పటికీ." ఫోన్ కట్ అయింది.

తేనె మళ్లీ షావుకారి గుమ్మానికే పోయింది, వాడు చెప్పిన రేటుకే. గ్రేస్ మణుగూరులో ఒక బట్టల కొట్లో చేరింది. కొన్నాళ్లకు షాలేమ్‌రాజు అటు పోయి ఎర్రమ్మకు నమస్కారం పెట్టాడు. ఆమె మొహం తిప్పుకుని మూట నెత్తికెత్తుకుంది.

తిరిగొస్తూ ఖమ్మంలో నెట్ సెంటర్‌లో కూర్చుని, ఎందుకో ఆ షాపు తెరిచాడు. యజమాని లేని షాపు, పాపం, ఆర్డర్లు తీసుకుంటూనే ఉంది. అడుగున ఒక కొత్త రివ్యూ. పేరు లేదు.

"రెండు సీసాల పుట్టతేనె ఆర్డరు చేశాను. ఇంతవరకూ రాలేదు. ఆయాసంతో చస్తున్నాను. ఇంత బాధ్యత లేని మనుషులను నా జన్మలో చూడలేదు."

షాలేమ్‌రాజు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. ఆ మిషన్‌కు డిపార్ట్‌మెంట్ అతనికి మెడల్ ఏమీ ఇవ్వలేదు. మాస్టారు మాత్రం ఒక స్టార్ ఇచ్చాడు.