మూడో ఫిర్యాదు

ఉదయం ఏడింటికి గోడ నోరు విప్పింది.

"మూడో ఫిర్యాదు నమోదైంది. ఇంటి యజమాని హాజరు కావాలి."

మేడ మీద గదిలో అద్దెకుంటున్న ఎర్రినాయుడు చాప మీద జరిగి గోడకు దగ్గరగా కూర్చున్నాడు. గుమ్మం మీద తీర్పుదీపం పచ్చగా వెలిగింది.

విశాఖలో అద్దె తగువులకు కోర్టులు ఎత్తేసి ఇరవై ఏళ్లయింది. ప్లీడరు లేడు, వాయిదా లేదు. ప్రతి అద్దె ఇంటి గోడకూ గోడసాక్షి అనే పూత పూస్తారు. ఇంట్లో పడిన ప్రతి మాటా, చప్పుడూ దానికి గుర్తే. తగువు వస్తే ఆ రోజు చప్పుళ్లు వినిపించి అక్కడికక్కడే తీర్పు చెబుతుంది. తగువు లేకపోతే ఎంత బతిమాలినా ఒక్క పాత ముక్కా వినిపించదు. తప్పుడు ఫిర్యాదులు మూడు చేసినవాడు ఇల్లు ఖాళీ చెయ్యాలి. నాయుడివి రెండు అయిపోయాయి.

కింది వాటాలోంచి ఓనరు వీరభద్రం మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కి వచ్చాడు.

"పిచ్చేటిరా నాయుడూ నీకు? నిరుడు చవితి నాడు నేను నీళ్లు కట్టేసేనని ఫిర్యాదా? రెండు బిందెలు నేనే మోసి ఇచ్చేను గదరా!"

"ఇచ్చేరు బాబూ."

"మరి?"

"ఊరుకోండి. ఇనండి."

గోడ నిరుటి వినాయక చవితి ఉదయాన్ని వినిపించింది. కొళాయి చప్పుడు. బిందె నేలకు తగిలిన చప్పుడు. ఆ వెనక ఒక ఆడ గొంతు.

"ఓయ్ మావా, లెగు! ఓనరు బాబు ముసిలోడు నీళ్లు మోస్తంటే దున్నపోతునాగ తొంగున్నావు. సిగ్గునేదేటి?"

నాయుడు గోడ మీద చెయ్యి ఆనించి నవ్వాడు. వీరభద్రం గుమ్మంలోనే కూలబడ్డాడు.

అది నాయుడి పెళ్లాం నూకాలు గొంతు. పోయి నాలుగు నెలలైంది. ఈ గదిలో పోలేదు. అద్దె ఇంట్లో చావు జరగకూడదన్న షరతు మీద వీరభద్రమే వేలిముద్ర వేశాడు. తన తండ్రీ తాతా నోటిమాటగా పెట్టిన షరతే కదా అనుకున్నాడు. నోటిమాటైతే ఆ పూటకి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. గోడకు ఊరుకోవడం ఎవరూ నేర్పలేదు. ఆమె ఊపిరి మందగించడం కనిపెట్టి, తలుపు బార్లా తెరిచి, మంచం దించేదాకా కూత ఆపలేదు. రోడ్డు మీద, కొబ్బరి బొండాల బండి పక్కన పోయింది నూకాలు.

"మొదటి ఫిర్యాదులో దగ్గే దొరికింది బాబూ. రెండోదాంట్లో కూరలోడితో బేరం. నన్ను పిలిసింది దీన్లోనే."

వీరభద్రం గోడ పట్టుకుని లేచాడు.

"రాసుకోవే గోడా, తప్పు నాది. నీళ్లు నేనే కట్టేసేను."

"యజమాని మాట అబద్ధం. సాక్ష్యంతో సరిపడలేదు."

"నా ఇల్లు! నా ఇంట్లో అద్దెకున్నోడు! ఉండమంటన్నాను, మధ్యన నీకేటి నొప్పి?"

దీపం ఎర్రబడింది. "మూడో ఫిర్యాదు తప్పుడిది. సాయంత్రం ఆరులోగా ఖాళీ చేయాలి."

"పోనీండి బాబూ, తెలిసే ఏసేను," అన్నాడు నాయుడు. "ఎక్కడో దగ్గర పడుంటాను. నెలకోసారి వస్తాను. మీరే నామీద ఏదో తగువెట్టండి. ఆ ఒక్క ముక్కా ఇనేసి పోతాను."

"ఎట్టేస్తాన్రా. నెలకేటి, వారం వారం ఎడతాను."

గోడ మళ్లీ పలికింది. "ఒప్పందం ముగిసింది. ఈ ఇంటి సాక్ష్యం ఇక అవసరం లేదు. చెరిపివేత మొదలైంది."

నాయుడికి ఈ సంగతి తెలియదు. వీరభద్రానికీ తెలియదు. ఒప్పందం చివరిదాకా చదివినవాడు ఆ ఇంట్లో ఎవడూ లేడు.

పైనుంచి కిందికి పూత తెల్లబడుతూ వచ్చింది. నాయుడు రెండు చేతులూ గోడకు అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి తెలుపు కిందికి దిగింది.

"నూకాలూ! ఓలే, పలకవే!"

గోడ ఆ కేకను కూడా దాచుకోలేదు.