గోపమ్మ చెప్పిన ముచ్చట

పక్కగదిలో పిల్ల ఏడుస్తోంది. స్వరూపకు పాలు చేపి రవిక తడిసిపోతోంది. అయినా ఆ గడప దాటడానికి లేదు! తన కడుపున పుట్టిన బిడ్డ అవతల అత్త ఒళ్లో సీసాపాలు వద్దని మొండికేస్తుంటే, ఇవతల తల్లి గోడకు ఆనుకుని, మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చోవాలి. రామన్నపేటలో ఇంకే ఇంట్లోనైనా తల్లికి ఇలాంటి శిక్ష ఉందో లేదో తెలియదు గానీ, ఈ ఇంట్లో వానాకాలం మొదలైనప్పటినుంచీ ఇదే నడుస్తోంది.

స్వరూప మొగుడు హనుమంతు బోరు మోటార్లు బాగుచేస్తాడు. చెడ్డవాడు కాదు. కానీ మోటారు కాలిపోతే ఎక్కడ కాలిందో విప్పి చూసే ఆ మనిషి, పెళ్లాం మనసు పాడైతే మాత్రం విప్పి చూడటానికి భయపడిపోయాడు. గుమ్మంలో నిలబడి, ఆమె ముఖం చూడకుండా చెప్పాడు.

"రేపు నల్లగొండ దవాఖానకు పోతున్నం. గుర్వయ్య మామ గూడ వస్తడు. గా మేడంతోని మాట్లాడినంక గూడ నీ తీరు గిట్లనే ఉంటే, మీ బాపును రమ్మంట. ఆలేరు పోయి జర రెస్టు తీస్కో."

"పిల్ల?"

"పిల్ల ఈడనే ఉంటది."

"ఎన్నొద్దులు?"

"నాకెట్ల తెలుస్తది స్వరూపా..."

ఆమె మళ్లీ అడగలేదు. అడిగే హక్కు తనకు లేదనే ఆమె నమ్మకం. ఎందుకంటే ఊరంతా ఎరిగిన ముచ్చట ఒకటుంది. అది చెప్పింది ఎవరో కాదు, ఆమె అత్త గోపమ్మే! పాలకొచ్చే అమ్మాయికి చెప్పింది, పెళ్లిలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పింది, బస్సులో తెలియని మనిషికి కూడా చెప్పింది. "మా కోడలు పిల్లను పట్టుకొని నీళ్ల సంపు కాడ నిలవడ్డది. మూత తీసి ఉన్నది. నేను ఉరికి, పిల్లను గుంజుకున్న గనుక సరిపాయె. లేకుంటే నా మనుమరాలు ఇయ్యాల ఉండేదే కాదు." ప్రతిసారీ ఇక్కడికి వచ్చేసరికి గోపమ్మ కళ్లు తుడుచుకునేది. వినేవాళ్లు స్వరూప వైపు చూసేవాళ్లు. ఆ చూపులు... అబ్బ, ఆ చూపులు!

కాన్పు అయిన దగ్గరనుంచీ ఆమెకు అన్నం రుచించదు, నిద్ర పట్టదు, బిడ్డ ముఖం చూస్తే నవ్వు రాదు. దవాఖానలో డాక్టరు ఇది కాన్పు తర్వాత కొందరికి వచ్చే జబ్బేనని చెప్పి, పాలిచ్చే తల్లులకు పడే మందులే రాశాడు. ఇంటివాళ్లతో కలిసి, అక్కడే మనసు కష్టాలు వినే జేబా మేడం దగ్గర కూర్చోమన్నది కూడా ఆయనే.

మర్నాడు దవాఖానకు గోపమ్మ తన అన్న గుర్వయ్యను వెంటబెట్టుకొచ్చింది. ఆయన పంచాయితీల్లో పెద్దమనిషి. గోపమ్మ లెక్కలో దవాఖానలో జరగబోయేదీ పంచాయితీయే మరి! మన తరఫున మాట్లాడే మనిషి లేకపోతే ఎట్లా? గుర్వయ్య తెల్ల తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కుర్చీలో నిండుగా కూర్చుని, గొంతు సవరించుకున్నాడు.

"మేడం, పిల్ల మంచిదే. కాదంటలే. కానీ తప్పు అయితే చేసింది. మొదటి తప్పు..."

"ఆగుండ్రి పెద్దయ్యా," అంది జేబా. చిట్యాల పిల్ల, మాట మెత్తన. "ఈడ తీర్పు లేదు. ఎవరి తప్పులూ చదవొద్దు. జర సేపు ఇనుండ్రి, చాలు."

గుర్వయ్యకు అంతటి అవమానం ఏ పంచాయితీలోనూ జరగలేదు. మూతి బిగించుకుని కూర్చున్నాడు.

జేబా స్వరూప వైపు తిరిగింది. "నీకు వచ్చిన ఈ కష్టానికి నువ్వైతే ఏం పేరు పెడతవు? డాక్టర్లు పెట్టిన పేరు వద్దు. ఊర్లో వాళ్లు పెట్టింది అసలే వద్దు."

గోపమ్మ భుజంమీద పిల్ల కునుకుతోంది. స్వరూప దాన్ని చూసి, చూపు తిప్పుకుంది.

"ముసురు," అంది చివరికి. "ముసురు వట్టినట్టు ఉంటది మేడం. పొద్దు కనవడదు."

"మంచిగ చెప్పినవ్. అంటే స్వరూప వేరు, ముసురు వేరు. ముసురు నీ మీదికి వచ్చింది, అంతే. వచ్చినప్పుడు నీకేం చెప్తది?"

"నువ్వు తల్లివి కావంటది... పిల్లను సాదలేవంటది." కొంగు అంచు వేలికి చుట్టుకుంది. "ఇద్దరు లేకుంటే ఇంటోళ్లు సుకంగ ఉంటరంటది."

హనుమంతు తల దించుకున్నాడు. ఒకే మంచం మీద పడుకునే మనిషి ఇన్నాళ్లూ ఇలాంటి మాటలు వింటూ పడుకుందని అతనికి ఇప్పుడే తెలిసింది.

"ముసురు చెప్పినట్టు నువ్వు ఇనని రోజు ఒక్కటన్న ఉన్నదా?"

"లేదు," అంది స్వరూప. "సంపు కాడ ఇన్న. అత్తమ్మ రాకుంటే..."

జేబా గోపమ్మ వైపు జరిగి కూర్చుంది. "పెద్దమ్మా, ఆ రోజు ముచ్చట మీరు చెప్పుండ్రి."

గోపమ్మకు నోటికి వచ్చిన ముచ్చటే. "నేను ఉరికిన బిడ్డా. పిల్లను గుంజుకున్న..."

"అంతకంటె ముందునుంచి చెప్పుండ్రి. ఉరకకముందు ఏడ ఉన్నరు?"

"పొయ్యికాడ. జొన్నరొట్టె చేస్తున్న."

"పొయ్యికాడికి సంపు కనవడుతదా?"

"ఏడ కనవడుతది? పొయ్యి ఎనుకదిక్కు, సంపు ముంగటి వాకిట్ల."

"మరి మీకెట్ల తెలిసింది?"

గోపమ్మ నోరు తెరిచింది. ఇన్నిసార్లు, ఇంతమందికి చెప్పిన ముచ్చటలో ఈ ముక్క ఎక్కడ జారిపోయింది? చూపు చేతుల మీదికి వాలింది, ఆ రోజు పిండి అంటిన చేతులు ఇంకా అలాగే ఉన్నట్టు. హనుమంతు తల్లి ముఖంలోకే చూస్తున్నాడు. గుర్వయ్య మూతి బిగువు సడలింది.

"పిలిచింది," అంది గోపమ్మ.

"ఎవరు?"

"ఇదే... స్వరూపనే. అత్తమ్మా, జెల్ది రా, పిల్లను తీస్కో అని మొత్తుకున్నది."

"మీరు పోయేసరికి?"

"సంపుకు అవతల, గోడకు ఒరిగి ఉన్నది. పిల్లను రొమ్ముకు అదుముకొని ఉన్నది." గోపమ్మ పిల్ల వీపు నిమిరింది. "నేను గుంజుకోలే బిడ్డా. అదే నా చేతుల పెట్టింది. పెట్టి, లోపలికి తీస్కపో అన్నది... ఏమైపోయేదో అని పానం కొట్టుకున్నది. గా భయంల ఒకలకు చెప్పిన, ఇంకొకలకు చెప్పిన. చెప్పంగ చెప్పంగ నేనే గుంజుకున్ననని నాకు గూడ అనిపిచ్చింది."

స్వరూప నమ్మలేనట్టు చూసింది. తను పిలిచిందా? ఆ ముచ్చట విని విని, తన గొంతునే తను మరిచిపోయిందా? అవును... గొంతు పగిలేలా పిలిచింది! ఆ రాత్రి మింగుడు పడనంతగా గొంతు నొప్పి పెట్టింది కదా!

"ముసురు నిన్ను సంపు దాక తెచ్చింది," అంది జేబా మెల్లగా. "అప్పుడు నువ్వేం చేసినవ్?"

"పిలిచిన," అంది స్వరూప. అని, ముఖం రెండు చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

జేబా ఆమెను ఏడవనిచ్చింది. తర్వాత గుర్వయ్యను అడిగింది. "పెద్దయ్యా, తీర్పు కాదు. మీరు ఇప్పుడు ఏం ఇన్నరో అది చెప్పుండ్రి."

పంచాయితీల్లో గంటలకొద్దీ మాట్లాడే గుర్వయ్య ఈసారి గొంతు కూడా సవరించుకోలేదు. తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తల్లే పిల్లను కాపాడుకున్నదని ఇన్న మేడం." తువ్వాలు అంచు మడుస్తూ అన్నాడు. "మా ఇంటామె గూడ మొదటి కాన్పుల గోడదిక్కు తిరిగి పండేది. ఏమైందని నేను ఒక్కనాడు అడగలే."

అంతా తేలిపోయిందనుకున్నారా? అంత తొందరగా తేలితే అది కుటుంబమెందుకవుతుంది! తిరుగు బస్సులో గోపమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిల్లను తన ఒళ్లోనే ఉంచుకుంది. హనుమంతు మాత్రం స్వరూప పక్కన కూర్చుని, అడగాలా వద్దా అన్నట్టు అడిగాడు.

"ఇప్పుడు ఉన్నదా ముసురు?"

"ఉన్నది. జర పల్చగ ఉన్నది."

"మీ బాపుకు ఇగ ఫోన్ చెయ్యను తియ్," అన్నాడు. ఆమె తల ఊపింది. కానీ ఆమె చూపంతా అత్త ఒళ్లోనే ఉంది. దవాఖానలో చెప్పింది వేరు, ఊళ్లో చెప్పేది వేరు. నలుగురి ముందు తన మాట తనే తిప్పుకోవడం గోపమ్మలాంటి మనిషికి చేతనవుతుందా?

ఇంటికి చేరి కాళ్లు కడుక్కున్నారో లేదో, పక్కింటి అమృతమ్మ వాకిట్లోకి వచ్చేసింది.

"ఏమాయె గోపమ్మా? మేడం ఏమన్నది? పిచ్చేనన్నదా?"

లోపల స్వరూప గడప దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు అత్త నోట ఏ ముచ్చట వస్తే, తను ఈ ఊళ్లో ఆ మనిషిగానే బతకాలి. రేపు పిల్ల పెద్దదై విన్నా అదే వింటుంది.

గోపమ్మ పిల్లను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంది.

"కూసో అమృతా. నీకు చెప్పిన ముచ్చట మొదలు ఇడిసిపెట్టి చెప్పిన. మల్ల చెప్త, మంచిగ ఇను. నేను పొయ్యికాడ రొట్టె చేస్తున్న. నా కోడలు నన్ను పిలిచింది."

అంతా చెప్పింది. తను గుంజుకోలేదన్నది కూడా చెప్పింది. అమృతమ్మ వెళ్లాక లోపలికి వచ్చి, స్వరూప చేతుల్లో పిల్లను పెట్టింది. ఒక్కసారి పెట్టి, మళ్లీ తీసుకోబోయి, చేతులు వెనక్కి తీసుకుంది.

"దొడ్డిల బర్రెకు నీళ్లు పెట్టొస్త. ఉంటవా?"

స్వరూప పిల్లను గుండెకు అదుముకుంది. "మల్ల ముసురొస్తే అత్తమ్మా?"

"పిలువు."

"ఇనవడకుంటే?"

"ఆనాడు ఇనవడలేదా?" అంది గోపమ్మ. బకెట్టు తీసుకుని దొడ్డిలోకి వెళ్లింది.