సీసాల మీద తెల్లక్షరాలు

వన్ టౌన్‌లో ఆ డిగ్రీ కాలేజీకి వెనకవైపు, పోర్టు క్రేన్లు కనిపించే మూలన ఒక గది ఉంది. తలుపు మీద జువాలజీ మ్యూజియం అని రాసి ఉంటుంది గానీ ఆ పేరుతో ఎవరూ పిలవరు. సీసాల గది అంటారు. తుఫానుకు ముందే దానికి మంచి పేరు లేదు. ఫార్మలిన్ కంపు, సీసాల్లో తెల్లగా పాలిపోయిన పాములు, తీగకు వేలాడే అస్థిపంజరం. హుద్‌హుద్ తరవాత ఇక చెప్పనే అక్కర్లేదు. చీకటి పడితే అటు వెళ్ళే మనిషి లేడు.

గదిలో దెయ్యం ఉందని మాత్రమే కాదు... ఆ దెయ్యం పని చేస్తుందని.

ఇది నాకు చేరింది ఆ కాలేజీలో ఊడ్చి తుడిచే జోగమ్మ నోటి నుంచి. ఆ రాత్రి ఆవిడ వరండాలోనే ఉంది.

తుఫాను వచ్చింది ఆదివారం. మర్నాడు చూస్తే కాలేజీ రేకులు పోర్టు రోడ్డు మీద ఉన్నాయి. చెట్లు క్లాసురూముల్లో ఉన్నాయి. వెనక ప్రహరీ గోడ లేనే లేదు. కరెంటు ఎప్పుడొస్తుందో తెలీదు. ప్రిన్సిపాల్ గురునాథరావు గారు ఆఫీసు బీరువా తెరిస్తే పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు నీళ్ళోడుతున్నాయి. వాటిని సెమినార్ హాల్లో తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టి ఆరేశారు. లెక్చరర్లు వంతులవారీగా విసనకర్రలతో విసిరారు. నెలాఖరుకి ఒక వరండాలో మూడు క్లాసులు మొదలయ్యాయి. ఇటు హిస్టరీ, అటు కామర్స్, మధ్యలో తెలుగు. ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ళ పాఠం.

జువాలజీ చెప్పే నర్గీస్ మేడమ్‌కి నలభై ఎనిమిదేళ్ళు. ఏడుపులంటే ఆవిడకి చిరాకు. పెద్ద గాజుముక్కలు ఎత్తించింది, కుళ్ళినవి పారబోయించింది, సీసాల గదికి తాళం వేసి వరండా క్లాసులకి వెళ్ళిపోయింది. కానీ ఒక్క విషయం ఆవిడకి నిద్ర పట్టనివ్వలేదు. ప్రాక్టికల్ రికార్డులు.

ఫైనలియర్లో ముప్ఫై తొమ్మిది మంది. సంతకాలు పెట్టడానికని తుఫానుకు ముందు రోజే అందరి రికార్డులూ తెప్పించి సీసాల గది బీరువాలో పెట్టింది. కిటికీ ఊడి లోపల పడింది, బీరువా బోర్లా పడింది. ముప్ఫై ఎనిమిది రికార్డులు పిండిముద్దలయ్యాయి. రికార్డు లేనిదే ప్రాక్టికల్ పరీక్షకి కూర్చోనివ్వరు. కూర్చోకపోతే ఏడాది పోతుంది. మళ్ళీ రాయిద్దామంటే చూసి రాయడానికి ఒక్క మంచి రికార్డయినా ఉండాలి. మేడమ్ సొంత నోట్సూ ఆ బీరువాలోనే నానిపోయాయి. సిలబస్ ఆ ఏడే మారింది కనక సీనియర్లవి పనికిరావు. ఊళ్ళో ఏ కాలేజీకి ఫోన్ చేసినా ఒకటే మాట. "మాదీ అంతే మేడమ్."

ముప్ఫై తొమ్మిదో రికార్డు బీరువాలో లేదు. అది శ్రీసత్యది. శనివారం సాయంత్రం ఆ పిల్ల దాన్ని ఇంటికి పట్టుకెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం గాలి ఉన్నట్టుండి ఆగింది. తుఫాను కన్ను నెత్తిమీద ఉందని ఎవరికి తట్టింది? అయిపోయిందనుకున్నారు. మల్కాపురంలో జనం వీధుల్లోకి వచ్చారు. శ్రీసత్య బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది. గాలి మళ్ళీ లేచింది, ఈసారి అవతలి వైపు నుంచి. గోడ కూలింది.

నర్గీస్ ఆ ఇంటికి వెళ్ళాలనే రెండుసార్లు ఆటో ఎక్కింది. రెండుసార్లూ దారిలోనే దిగిపోయింది. పిల్ల పోయిన ఇంట్లో అడుగుపెట్టి, మీ అమ్మాయి పుస్తకం ఇవ్వండి అని ఎలా అడుగుతుంది? అడక్కపోతే ముప్ఫై ఎనిమిది మంది గతేమిటి?

నవంబరు మధ్యలో ఒక ఉదయం జోగమ్మ స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మేడమ్‌గారూ, నాను ఆ సీసాల గది వైపు మరి ఎల్లనండి."

"ఏమైంది?"

"దెయ్యమండి."

"చూశావా?"

"సూడ్డానికెల్తే మరి తిరిగొత్తానేటండి? లైటు సూసేను. రాత్రి తొమ్మిదింటికి చెంబు మర్సిపోయి ఒచ్చేను. సీసాల్లోంచి లైటు... పచ్చగా... అలగలగ కదిలింది."

"ఏం చేస్తోంది?"

జోగమ్మ గొంతు తగ్గించింది. "పని సేత్తందండి. గాజు పెంకులు ఊడ్సి పోగెడతంది. సప్పుడిన్నాను."

పక్క కుర్చీలో ప్రిన్సిపాల్ గారు తలెత్తారు. "ఉండనివ్వండి మేడమ్. ఈ కాలేజీలో అయిదు దాటాక పని చేస్తున్నది అదొక్కటే. జీతం కూడా అడగదు."

అందరూ నవ్వారు. నెల రోజుల తరవాత స్టాఫ్‌రూమ్‌లో వినిపించిన నవ్వు అది. నర్గీస్ మాత్రం తాళాలు తీసుకుని లేచింది.

తలుపు తీసింది. కిటికీ చోట కన్నం, దాంట్లోంచి ఎండ. నేల శుభ్రంగా ఉంది. చెల్లాచెదురుగా వదిలేసిన సీసాలు బల్ల మీద వరసగా నిలబడి ఉన్నాయి. వాటికి అంటించిన కాగితం చీటీలు వానకి ఎప్పుడో ఊడిపోయాయి. ఇప్పుడు పది సీసాల మీద... పేర్లున్నాయి.

గాజు మీద, తెల్ల పెయింటుతో. ఇంగ్లీషులో.

నర్గీస్ దగ్గరికెళ్ళి ఒక పేరు చదివింది. ఇంకొకటి చదివింది. మూడోది చదవలేదు, చూస్తూ ఉండిపోయింది. ఆర్ అక్షరం కాలు చివర చిన్న వంపు. ఎస్ తలకీ తోకకీ ముక్కులు. మూడేళ్ళు ఆ అక్షరాలకి మార్కులు వేసింది. "ఇది రికార్డా, లారీ వెనకాల బోర్డా?" అని క్లాసులో అడిగితే అందరూ నవ్వారు, రాసిన పిల్ల అందరికన్నా గట్టిగా నవ్వింది.

శ్రీసత్య చేతిరాత అది.

గుమ్మంలోంచి జోగమ్మ అడిగింది. "ఏటండి, అలగైపోయేరు?"

"ఏం లేదు. తాళం వెయ్యి."

ఆ రోజు నుంచి నర్గీస్ అందరికన్నా ముందు కాలేజీకి వచ్చేది. ఎవరికీ చెప్పకుండా ఆ గది తెరిచేది. రాత్రికి మూడు సీసాలు... ఒక్కోసారి నాలుగు. పద్నాలుగయ్యాయి, పదిహేడయ్యాయి, ఇరవై దాటాయి. దెయ్యాలు పెయింటు కొనవని ఆవిడకి తెలుసు. టర్పెంటైన్ వాసన రాదనీ తెలుసు. తెలిసి కూడా ఎవరినీ కాపలా పెట్టలేదు. ఎందుకని తనని తాను అడగలేదు.

వారం గడిచాక ఒక తప్పు కనిపించింది.

పొడుగ్గా చుట్టుకున్నవి రెండు సీసాల్లో ఉన్నాయి. ఒకటి సముద్రపు పాము, ఒకటి మలుగు చేప. పాము పేరు చేప మీద ఉంది, చేప పేరు పాము మీద ఉంది. శ్రీసత్య ఫస్టియర్లోనే క్లాసుకంతటికీ చెప్పింది, తోక చూడండే, పాముది తెడ్డులా ఉంటుంది అని. ఆ పిల్ల ఈ తప్పు చేయదు. చస్తే చేయదు.

అంటే ఇది శ్రీసత్య కాదు.

ఊపిరి పీల్చుకోవాలి కదా. నర్గీస్ గోడకి చేరబడింది. ఇన్ని రోజులూ తను దేనికోసం పొద్దున్నే పరుగెత్తుకొస్తోందో అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, సర్టిఫికెట్ల పని ఉంది, ఆలస్యమవుతుంది అని చెప్పింది. జోగమ్మని తోడు రమ్మంది.

"నాను రానండి."

"సరే, ఒక్కదాన్నే వెళ్తాను."

జోగమ్మ వచ్చింది. చీపురు పట్టుకుని వచ్చింది.

"అదెందుకు?"

"దెయ్యాలకి సీపురంటే బయ్యమండి."

"ఫైనలియర్ వాళ్ళకే లేదు నీ చీపురంటే భయం. పద."

వరండా చివర ఇద్దరూ చీకట్లో కూర్చున్నారు. పోర్టులో ఎక్కడో ఇనుము మీద ఇనుము పడిన చప్పుడు. తరవాత ఏమీ లేదు. ఎనిమిదిన్నర. తొమ్మిది. దోమలు. జోగమ్మ నోట్లోనే దేవుణ్ణి తలుచుకుంటోంది...

వెనకాల, గోడ కూలిన చోట, రాళ్ళ మీద అడుగు పడింది.

కిటికీ కన్నంలో ఏదో నల్లగా వంగింది. లోపలికి దిగింది. ఆ తరవాత వెలుతురు — చిన్నది. సీసాల్లోంచి పచ్చగా సాగి, గోడ మీద పాముల నీడలు పెద్దవి చేసి, నెమ్మదిగా కదిలింది. అస్థిపంజరం నీడ పైకప్పు దాకా లేచింది.

"మేడమ్‌గారూ... ఎల్లిపోదారండి..."

నర్గీస్ చెప్పులు విడిచింది. తాళం తీసింది. తలుపు నెట్టింది.

"ఎవరది?"

బ్రష్షు కింద పడింది. వెలుతురు ఊగి, సీసాల మీంచి తిరిగొచ్చి ఒక మనిషి ముఖం మీద పడింది. యాభై ఏళ్ళుంటాయి. వేళ్ళకి తెల్ల పెయింటు, నోట్లో సెల్‌ఫోన్ టార్చి. ఫోన్ తీసి చేతులు జోడించాడు.

"వరహాలునండి. శ్రీసత్య నాన్నని."

గుమ్మం దగ్గర చీపురు కిందికి దిగింది.

"తాళం వేసి ఉంటే..." అని ఆగిపోయింది నర్గీస్.

"కిటికీ నేదు కదండి. గోడా నేదు."

"పగలు రావచ్చు కదా వరహాలు గారూ. తలుపే తీసేవాళ్ళం."

"పగలొత్తే ఆడపిల్లలు కనబడతారండి."

ఆవిడ చూపు పక్కకి తిప్పుకుంది. అప్పుడే చూసింది — బల్ల మీద, ప్లాస్టిక్ కవరు పరిచి, దాని మీద తెరిచిపెట్టిన పుస్తకం. పొడిగా, అంచులైనా చెదరకుండా. శ్రీసత్య రికార్డు. ఆ క్షణాన ఆవిడకి మొదట తట్టింది పోయిన పిల్ల కాదు, ముప్ఫై ఎనిమిది మంది. అందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా అడిగింది. ఆవిడ మనిషే అంత.

"ఈ రికార్డు నాకు కావాలి. మిగతా పిల్లలందరివీ తడిసి పోయాయి. దీన్ని చూసి రాసుకుంటేనే పరీక్ష. అయ్యాక నేనే తెచ్చి మీ చేతికిస్తాను."

"ఇత్తానండి." వరహాలు వెంటనే అన్నాడు. "కానీ ఒక్క బొమ్మ మిగిలిపోనాదండి. అదేటో సూపించండి, పట్టుకెల్దురు."

ఆఖరి పేజీ తిప్పాడు. పైన పేరు రాసి ఉంది, ముక్కుల అక్షరాలతో. కింద పేజీ అంతా ఖాళీ.

"ఇది నేదనే కదండి మీరు తిప్పి పంపించేరు. సోమారం గీసి పట్టుకెల్తానంది."

నర్గీస్‌కి గుర్తుంది. సంతకం పెట్టనంటే పెట్టనంది తను.

"నాకు సదువు రాదండి. లారీలకి రాత్తాను. అచ్చరం ఎలగుంటే అలగ దించెత్తాను. మా గుంట నన్ను సూసే రాయడం నేర్సుకుంది. ఈ పేరు పక్కింటి కుర్రాడి చేత సదివించేను. ఆస్టీరియాస్ అన్నాడు. అంటే ఏటిరా అంటే ఆడికీ తెల్దు. సరే, ఈ సీసాల్లో ఉంటాది కదాని ఒచ్చేను. ఒత్తే, ఒక్కదానికీ చీటీ నేదు." ఆగి, బ్రష్షు వెతికి తీసుకున్నాడు. "అందుకని... గుంట బొమ్మ గీసినవన్నీ సీసాలతో కలిపి సూసి, పేర్లు రాసుకుంటా ఒత్తన్నాను. ఆఖరికి పేరు నేకుండా ఏది మిగిల్తే, అదే కదండి అది గీయాల్సింది?"

నర్గీస్ బల్ల వైపు చూసింది. పేరు లేనివి ఇక రెండే రెండు. ఒకటి కప్ప, ఒకటి తేలు. రెండూ ఫస్టియర్‌వి.

ఆయన వెతుకుతున్నది వాటిల్లో లేదు. తుఫాను పోయిన మూడో రోజున గాజుముక్కలతో పాటు గోనెసంచిలో వేసి, పారబొయ్యమని జోగమ్మ చేతికిచ్చింది తనే.

"అది ఇక్కడ లేదు వరహాలు గారూ. సీసా పగిలిపోయింది. నేనే పారేయించాను."

ఆయన తల ఊపాడు. "పోన్లెండి. ఏటదండి?"

"నక్షత్ర చేప."

"బీచిలో ఒడ్డున పడుంటాదీ... అదా?"

"అదే."

వరహాలు ఆ ఖాళీ పేజీ వంక చూశాడు. "కట్టమైన బొమ్మాండి?"

ధైర్యం చెబుదామనే అన్నది ఆవిడ. ఇన్నేళ్ళూ పిల్లలకి చెప్పినట్టే చెప్పింది. "లేదండీ. అన్నిటికన్నా తేలికైనది. అందుకే ఆఖరికి ఉంచుకుని ఉంటుంది. మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ ఐదు చేతులు. పది నిమిషాల పని."

ఆయన రికార్డు మూశాడు. కవర్లో పెట్టి, మడిచి, రెండు చేతులతో ఆవిడకిచ్చాడు.

"ఎవురికీ సూపించీది కాదండి. కాపీ కొడతారని దాసీది. ఇప్పుడు అందరూ సూసుకోనీండి."

నర్గీస్ అందుకుంది. ఆయన ఇంకా వదల్లేదు.

"పది నిమిషాలేనాండి?"

"వరహాలు గారూ..."

"శనివారం రాత్రి పెన్సిల్ చెక్కుకుని కూకుందండి, గీసెత్తానని. కళ్ళు పోతాయి, రేపు గీసుకుందువులే పడుకో అన్నాను. పది నిమిషాలు నాన్నా అంది." చేతులు వదిలేశాడు. "నానే లైటు ఆపీసేనండి."