తాళం తీశాక

సోమవారం పొద్దున్న ఏడుంబావుకి మధులత టిఫిన్ బాక్సు సంచిలో పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. సీతమ్మధారలో ఒక క్లినిక్కులో ఆమె ల్యాబ్ టెక్నీషియన్. రోజూ ఆమెను కూర్మన్నపాలెం జంక్షన్లో బస్సు దగ్గర దింపేది మామగారు చలమయ్యే. ఆయన బండి మీద కూర్చుని తాళం తిప్పి, సెల్ఫ్ బటన్ నొక్కాడు. టిక్కుమని ఊరుకుంది. మళ్ళీ నొక్కాడు. ఈసారి అదీ లేదు. హారన్ నొక్కితే గొంతు పట్టేసినట్టు ఓ మూలుగు వచ్చి ఆగిపోయింది.

"మళ్ళీనా మావయ్యగారూ?" అంది మధులత మెల్లగా.

కిక్ కొడితే ఇంజను అందుకుంటుంది. కాని కుడి మోకాలికి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి చలమయ్య కిక్ కొట్టలేడు. ఆయన బండి దిగేలోపే కొడుకు నాగవంశీ నోట్లో బ్రష్షుతో బయటికి వచ్చాడు. పోర్టులో సరుకులు ఎగుమతి చేసే ఒక కంపెనీలో అతనికి ఉద్యోగం.

"ఏటి నాన్నా, మళ్ళీ కీ ఆన్‌లో వదిలీసారా?"

"లేదురా. శనివారం మధ్యాహ్నం తాళం తీసి మేకుకి తగిలించాను."

"పోయిన నెల కూడా ఇదే మాటన్నారు. కొత్త బ్యాటరీ వేయించి నెల్లాళ్ళు అవలేదు. తాళం తీసిన బండికి బ్యాటరీ ఎలా దిగిపోద్ది? మీకు తెలీదా ఏటి?"

తెలుసు. అదే బాధ. చలమయ్య అమలాపురం దగ్గర పల్లె నుంచి పాతికేళ్ళ వయసులో వచ్చి, ముప్పై నాలుగేళ్ళు స్టీలు ప్లాంటులో క్రేన్ల మోటార్లు బాగుచేసిన ఎలక్ట్రీషియన్. కరెంటు దారి లేకుండా ఎటూ పోదని కొత్తగా చేరిన వాళ్ళకి తనే చెప్పేవాడు. ఇప్పుడు తన ముంగిట్లో తన పాత బండి బ్యాటరీ ఎటు పోతోందో తనకే అంతు చిక్కడం లేదు.

వంశీ నోరు కడుక్కుని వచ్చి రెండు కిక్కులు కొట్టి బండి స్టార్ట్ చేశాడు. భార్యను తనే దింపి వచ్చాడు. వచ్చాక తాళాన్ని మేకుకి తగిలించలేదు, తన జేబులో వేసుకున్నాడు.

"వచ్చే సోమవారం సీతమ్మధారలో నరాల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకున్నాను నాన్నా. ఒకసారి చూపించుకుంటే తప్పేటి లేదు కదా. అందాకా బండి తియ్యకండి."

చలమయ్య ఖాళీ మేకు వైపు చూశాడు.

ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా మరుపు అన్న మాట నాలుగు నెలలుగా గదుల్లో తిరుగుతూనే ఉంది. భార్య కనకరత్నం మాత్ర వేసుకున్నారా అని రెండుసార్లు అడుగుతోంది. కొడుకు పేపరు చూస్తూ మామూలుగా అడిగినట్టు "ఇవాళ తారీకెంత నాన్నా" అంటున్నాడు. బ్యాటరీ మొదటిసారి దిగిపోయిన రోజు తాళం బండికే వేలాడుతూ దొరికింది. కీ ఆఫ్ చేసే వదిలేశానని ఆయనకి గుర్తు. కాని ఆ గుర్తుకి సాక్ష్యం లేదు. అప్పట్నుంచి తాళం మేకుకి తగిలించాక కూడా మళ్ళీ వెళ్ళి చేత్తో తడిమి చూసుకోవడం అలవాటైంది.

పైగా ఆయన్ని భయపెట్టే సంగతి ఇంకొకటుంది. అది ఎవరికీ తెలియదు. జూన్‌లో ఎలమంచిలిలో పాత స్నేహితుడు అర్జునరావుని చూడ్డానికని వెళ్ళి వస్తూ, హైవే పక్కన టీ తాగి బండెక్కేసరికి ఇల్లు ఎటువైపో తోచలేదు. ఆ సంగతి మనసులో ఉండబట్టే, తాళం తీశానని కొడుకుతో గట్టిగా చెప్పడానికి నోరు రావడం లేదు.

మంగళవారం బ్యాటరీ ఊడదీసి సంచిలో పెట్టుకుని ఆటోలో తాతబాబు షెడ్డుకి వెళ్ళాడు. పదేళ్ళుగా ఆ బండి చూసే మెకానిక్ అతనే.

"మళ్ళీ దిగిపోయిందేటి గురువుగారూ?" తాతబాబు బ్యాటరీని ఛార్జింగుకి పెడుతూ అన్నాడు. "పోయినసారి నాను మీటరెట్టి సూసేను కదా. ఇంజనాడితే సార్జింగ్ బాగానే ఎక్కతంది. కాయిల్లో దోసం లేదు. మరింకేటుంటాదండి?"

"అదే నేనూ ఆలోచిస్తున్నాను తాతబాబూ."

తాతబాబు చేతులు తుడుచుకుని కాస్త గొంతు తగ్గించాడు. "సెప్పకూడదు గానండి, మా అయ్య కూడా అలాగే స్టవ్ ఆపడం మర్సిపోయేవోడు. వొయిసు మరి."

అతని మాటలో వెటకారం లేదు, మర్యాదే ఉంది. అందుకే అది చలమయ్యకి ఎక్కువ గుచ్చుకుంది.

ఆటోలో తిరిగి వస్తుంటే ఒక సంగతి తట్టింది. దిగిపోయిన మూడుసార్లూ బండి ఒకటి రెండు రోజులు కదలకుండా ఉన్నాకే దిగిపోయింది. ఒకసారి వంశీ వాళ్ళు తమని సింహాచలం తీసుకెళ్ళినప్పుడు, ఒకసారి తనకి జ్వరం వచ్చినప్పుడు, ఇప్పుడు ఆదివారం తర్వాత. రోజూ తిరిగినన్నాళ్ళూ బాగానే ఉంటోంది. అంటే ఛార్జింగు సరిగానే ఎక్కుతోంది. ఆగి ఉన్నప్పుడు ఏదో తాగేస్తోంది. అది తన మరుపే కావచ్చు. కాకపోనూవచ్చు. తేల్చుకోవడానికి దారి మాత్రం ఉంది.

గురువారం వంశీ, మధులత పనులకి వెళ్ళాక చలమయ్య భార్య దగ్గరికి వచ్చాడు.

"రత్నం, బీరువాలో బండి రెండో తాళం ఉండాలి, ఇస్తావా?"

ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తింది. "అబ్బాయి వద్దన్నాడు కదండీ."

"ఎక్కడికీ వెళ్ళను. వాకిట్లోనే పని."

"ఒక్కమాట అడుగుతాను, కోప్పడకండి. శనివారం తాళం నిజంగా తీశారా?"

"తీశాననే అనుకుంటున్నాను."

పెళ్ళైన నలభై ఏళ్ళలో ఆయన ఏ విషయంలోనైనా అనుకుంటున్నాను అనడం కనకరత్నం వినలేదు. చిక్కుడుకాయల పళ్ళెం పక్కన పెట్టి, లేచి వెళ్ళి తాళం తెచ్చి చేతిలో పెట్టింది. ఆయన వెనకాలే వాకిట్లోకి పీట తెచ్చుకుని కూర్చుంది.

ఆయన ట్రంకుపెట్టెలోంచి తన పాత మీటరు తీశాడు. తాతబాబు దగ్గర ఛార్జింగు చేయించి తెచ్చిన బ్యాటరీ బిగించి రెండు వైర్లూ ఆనించాడు.

"కాగితం మీద రాయి. ఇంజను ఆగి ఉండగా పన్నెండు పాయింట్ ఏడు."

ఆమె కళ్ళజోడు పెట్టుకుని రాసింది. ఆయన బండి స్టార్ట్ చేసి యాక్సిలరేటరు కాస్త తిప్పాడు. అంకె పైకి పాకింది.

"పద్నాలుగు పాయింట్ ఒకటి. తాతబాబు చెప్పింది నిజమే. ఇంజను ఆడుతుంటే బ్యాటరీకి అందాల్సింది అందుతోంది." ఇంజను ఆపి తాళం బయటికి లాగి ఆమెకిచ్చాడు. "ఇది నీ దగ్గర పెట్టుకో. గట్టిగా పట్టుకో."

ఆమె తాళాన్ని కొంగున ముడేసుకుంది.

చలమయ్య బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, ఆ వైరుకీ బ్యాటరీకీ మధ్య మీటరు కలిపాడు. తాళం లేని బండిలో కరెంటు పారకూడదు. మీటరు సున్నా చూపించాలి. సున్నా వస్తే తప్పు తనది, సోమవారం డాక్టరు దగ్గర తలవంచుకుని కూర్చోవాలి. ఆయన కాసేపు మీటరు వైపు చూడలేదు.

"తొంభై అని పడిందండీ," అంది కనకరత్నం. "రాయమంటారా?"

ఆయన వంగి చూశాడు. తొంభై మిల్లీ ఆంపియర్లు. అంకె కదలకుండా నిలబడి ఉంది.

"రత్నం, తాళం నీ దగ్గరే ఉంది కదా?"

"నా కొంగునే ఉంది. ఇదిగో."

"ఒకసారి పైకెత్తి చూపించు."

ఆమె కొంగు పైకెత్తింది. చలమయ్య మోకాలి నొప్పి కూడా మర్చిపోయి నేలమీద కూలబడ్డాడు. "బండి తాళం లేకుండానే కరెంటు తాగుతోంది. రెండు రోజులు కదలకపోతే బ్యాటరీలో సగానికి పైగా ఖాళీ. మనం జంక్షన్ దాకా వెళ్ళొచ్చే రెండు కిలోమీటర్లలో అది ఏం నిండుతుంది? నేను కాదు, రత్నం. నేను కాదు."

ఆమెకి అంకెలు అర్థం కాలేదు గాని ఆ మాట అర్థమైంది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది.

ఇక మిగిలింది అది ఎటు పోతోందో వెతకడమే. ఫ్యూజు లాగేశాడు, తొంభై అలాగే ఉంది. అంటే దొంగదారి బ్యాటరీ నుంచే నేరుగా ఉంది. సీటు విప్పి, ట్యాంకు విప్పి, లోపల వైర్ల కట్టను వేలితో తడుముతూ పోయాడు. ఒకచోట చెయ్యి ఆగింది. అక్కడ చుట్టిన టేపు కొత్తది. ఆ టేపు తను చుట్టింది కాదు, తాతబాబు చుట్టింది కాదు. విప్పితే దానికింద సన్నటి రెండు వైర్లు, వాటి చివర అగ్గిపెట్టంత నల్లపెట్టె, లోపల ఆరుతూ వెలుగుతున్న ఆకుపచ్చ దీపం. పెట్టెలో సిమ్ కార్డుంది. వైరు పీకగానే మీటరు సున్నాకి వచ్చింది.

"ఏంటండీ అది?"

"బండి ఎక్కడుందో ఫోన్లో చెప్పే పెట్టె," అన్నాడు చలమయ్య. అది ఎవరి ఫోనో చెప్పనక్కర్లేకపోయింది.

సాయంత్రం వంశీ, మధులత వచ్చేసరికి భోజనాల బల్లమీద పేపరు పరిచి, దానిమీద నల్లపెట్టె, పక్కన అంకెలు రాసిన కాగితం పెట్టి ఉన్నాయి. మధులత చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. వంశీ బ్యాగు దించకుండా నిలబడ్డాడు.

"ఇదెవరు పెట్టారు?" అడిగాడు చలమయ్య.

"నానే నాన్నా. బండ్ల సామాన్ల షాపు సాయిశంకర్ దగ్గర పెట్టించాను, జూన్ ఆఖర్లో. బండి కడిగించడానికని తీసుకెళ్ళాను గుర్తుందా."

"నాకు అన్నీ గుర్తున్నాయిరా. ఇది బ్యాటరీని తాగేస్తుందని తెలుసా?"

"ఏటి?" వంశీ కాగితం అందుకున్నాడు. చదివాడు. "ఇదేటి తాగుతాదిలే అన్నాడు వాడు. ఒట్టు నాన్నా, నాకు తెలీదు."

"తెలీదు. తెలీకుండానే నాలుగు నెలలు నన్ను తారీకులడిగావు. తాళం లాక్కున్నావు. ఇరవైసార్లు లేచి మేకు తడుముకున్నానురా. నా చెయ్యి చేసిన పని నా చేతికే నమ్మకం లేకుండా పోయింది."

"మరి నాను ఏటి చెయ్యాలి?" వంశీ గొంతు పెరిగింది. "ఎలమంచిలి వెళ్ళిన రోజు నాలుగు గంటలు ఫోన్ ఎత్తలేదు మీరు. మధు క్లినిక్కు నుంచి ఏడుస్తూ వచ్చింది. హైవే మీద ఎన్ని ఆసుపత్రులున్నాయో అన్నిటికీ ఫోన్ చేసాను. మీరొచ్చి అర్జునరావుగారింట్లో కబుర్లలో పడ్డానన్నారు. ఆయనకి నాను అంతకుముందే ఫోన్ చేసాను నాన్నా. మధ్యాహ్నమే బయల్దేరిపోయారన్నాడు."

తన అబద్ధం కొడుక్కి ఆ రోజు నుంచీ తెలుసునన్న సంగతి చలమయ్యకి ఇప్పుడే తెలిసింది.

"చెప్పి పెట్టమన్నాను మావయ్యగారూ," అంది మధులత. "చెబితే మీరు చిన్నబుచ్చుకుంటారని ఈయనే అన్నారు. నేనైనా చెప్పాల్సింది. రోజూ మీ వెనకాలే కూర్చుని కూడా చెప్పలేకపోయాను."

కనకరత్నం భర్త వైపే చూస్తోంది. "ఆ నాలుగు గంటలూ ఎక్కడున్నారండీ?"

కాగితం మీది అంకెలు ఆయన పక్షాన ఉన్నాయి. బ్యాటరీ సంగతి తేలిపోయింది. ఇంకో కోపపు మాట అనేసి లేచిపోతే, ఇంట్లో ఇంకెవరూ ఇంకేమీ అడగరు. చలమయ్య నల్లపెట్టెను అటూ ఇటూ తిప్పి బల్లమీద పెట్టేశాడు.

"హైవే పక్కన టీ కొట్టు దగ్గర ఉన్నాను. బండెక్కాక ఎటు వెళ్ళాలో తెలియలేదు. ఇల్లు గుర్తుంది, మీరంతా గుర్తున్నారు. దారే తెలియలేదు. ఎవర్నైనా అడగడానికి సిగ్గేసింది. ఫోను మోగుతూనే ఉంది, ఎత్తితే ఎక్కడున్నావని అడుగుతావు, ఏం చెప్పను? విశాఖపట్నం బోర్డున్న బస్సు వచ్చేదాకా నిలబడ్డాను. వరసగా మూడు బస్సులు వదిలేశాను, ధైర్యం చాలక. నాలుగో బస్సు వెనకాలే బండి పోనిచ్చి వచ్చేశాను."

వంశీ బ్యాగు కింద పెట్టి తండ్రి పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయన మోకాలి మీద చెయ్యి వేశాడు. అంతవరకూ గట్టిగా ఉన్న కనకరత్నం వంటింట్లోకి వెళ్ళిపోయింది. మధులత ఆమె వెనకే వెళ్ళింది.

"మళ్ళీ ఎప్పుడైనా అలా అయిందా నాన్నా?" అని అడిగాడు వంశీ.

"లేదు. ఆ ఒక్కసారే. అయినా డాక్టరుకి చెబుతాను. నేనే చెబుతాను, నువ్వు చెప్పకు."

"అలాగే. ఇది పారేద్దాం నాన్నా."

"వద్దు. ఉండనీ," అన్నాడు చలమయ్య. "పెట్టిన షాపువాడికి పని రాదు, అంతే. నేరుగా బ్యాటరీకి తగిలించాడు, ఫ్యూజు లేదు, అతుకు లేదు. ఆదివారం నువ్వు కూడా కూర్చో, సరిగ్గా కలుపుదాం."

ఆదివారం ఇద్దరూ వాకిట్లో కూర్చున్నారు. వంశీ వైర్లు పట్టుకుంటే చలమయ్య సోల్డరింగ్ చేశాడు. సన్న అతుకుల దగ్గర కొడుకు ఆయన మణికట్టు పట్టుకున్నాడు, ఆయన వద్దనలేదు. పెట్టెకి ఫ్యూజు వేసి, తాళం తిప్పినప్పుడే కరెంటు అందేలా కలిపాడు. చివర్న తాళం తీసి మీటరు పెడితే సున్నా వచ్చింది. వంశీ ఆ సున్నాని కాసేపు చూసి, జేబులో ఉన్న తాళం తీసి మేకుకి తగిలించాడు.

సోమవారం సెలవు పెట్టి వంశీ తండ్రితో బయల్దేరాడు. బండి చలమయ్యే నడిపాడు. గాజువాక దాటారు, ఎన్ఏడీ దాటారు. దారంతా ఆయనకి తెలిసిందే, ఎక్కడా తడబడలేదు. గురుద్వారా జంక్షన్లో సిగ్నల్ దగ్గర ఆగాక ఒక్క క్షణం నాలుగు వైపులా చూశాడు. ఎడమకేనని మనసు చెబుతోంది. ఆ చెప్పడంలో ఎక్కడో చిన్న సందేహం కూడా ఉంది.

"ఎటురా?" అన్నాడు తల కాస్త వెనక్కి తిప్పి.

"ఎడమకి నాన్నా."

చలమయ్య ఎడమ ఇండికేటర్ వేశాడు.