వెనక వరసలో లేచిన చెయ్యి

మా లాండ్రీలో పగలు కూడా లైట్లు వెయ్యాల్సిందే. కిటికీలున్నాయి గానీ, ఆవిరి పట్టి పట్టి అద్దాలు ఎప్పుడో తెల్లబడిపోయాయి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల తువ్వాళ్లు బస్తాలకొద్దీ వస్తాయి. ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి పంపిస్తాం. బ్లీచింగ్ వాసన మా జుట్టుకే కాదు, ఇంటికెళ్లి తినే తిండికి కూడా అంటుకుంటుంది. నాది ఇస్త్రీ. నా పక్కన మడతలు పెట్టేది మా చెల్లి, కొత్తగా చేరింది.

మేనేజరుకి మేం పెట్టుకున్న పేరు మెత్తనయ్య. ఆయన ఏనాడూ గొంతు పెంచి ఎరగడు. రబ్బరు చెప్పులేసుకుని చప్పుడు చెయ్యకుండా వస్తాడు. మచ్చపడ్డ దుప్పటిని రెండువేళ్లతో పట్టుకుని, హాలు మధ్యలో నిలబడి, "ఎవరమ్మా ఆ మహాతల్లి?" అని అడుగుతాడు. ఎవరో ఒకరు చెయ్యెత్తేదాకా అందరం కదలకుండా నిలబడాలి. ఇంటి దగ్గర పాలకోసం ఏడ్చే పసిపిల్లలున్నా సరే, ఆఖరి బస్సు వెళ్లిపోయినా సరే. చెయ్యెత్తిన మనిషిని ఆరబెట్టే గదిలోకి పంపి తలుపేస్తాడు. నిప్పులాంటి గాలి కొట్టే ఆ గదిలో, ఆ దుప్పటిని రెండు చేతులా పైకెత్తి పట్టుకుని, ఆయన మళ్లీ తలుపు తీసేదాకా నిలబడాలి.

నిజానికి ఆ మచ్చలు ఎవరి తప్పూ కాదు. పాత ఇస్త్రీ మిషను ఎక్కువ వేడెక్కితే గుడ్డ కమిలిపోతుంది. బాగు చేయించమని అడిగినామెను పనిలోంచి తీసేశాడు. ఇంకెక్కడా పని దొరక్కుండా నాలుగు చోట్లకీ ఫోన్లు కూడా చేశాడు, మహానుభావుడు.

అందుకని మాలో మేమే వంతులేసుకున్నాం. ఈసారి నువ్వు, వచ్చేసారి నేను. కుళాయి దగ్గర నీళ్లకి వంతులున్నట్టే మాకు తప్పు ఒప్పుకోడానికి వంతులు. "రేపు తప్పు నీదేనే, కాస్త నీళ్లు ఎక్కువ తాగి రా" అని వేళాకోళాలు కూడా ఆడుకునేవాళ్లం. నవ్వకపోతే అక్కడ ఒక్క పూట గడవదు.

చెల్లికి మొదటి వంతు వచ్చింది. దానికి చిన్నప్పట్నుంచీ ఆయాసం. రాత్రుళ్లు దాని ఛాతీలో పిల్లికూతలు వింటూనే పెరిగాను నేను. ఆ వేడికి అది తట్టుకోలేదని నాకు తెలుసు. దాన్ని ఆ గది గడప తొక్కనివ్వనని మంచంలో ఉన్న అమ్మకి మాటిచ్చి మరీ పన్లో పెట్టాను. ఆ రోజు దాని బదులు నేను చెయ్యెత్తబోతుంటే, వెనక వరసలో గొంతు సవరించుకున్న చప్పుడైంది. చూస్తే, పెద్దమ్మ చెయ్యెత్తి ఉంది.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. బస్తాలు విప్పే ముసలావిడ, లాండ్రీలో అందరికీ పెద్దమ్మే. ఏం మాట్లాడాలన్నా ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేది. చిటికెనవేలు వంకర. పిల్ల సన్నగా ఉంది పాపం అని నాతో కళ్లతోనే చెప్పి, లోపలికి వెళ్లింది. మెత్తనయ్య ఫోను మాట్లాడుకుంటూ మర్చిపోయాడు. మర్చిపోయాడనే అన్నాడు. తలుపు తీసేసరికి ఆవిడ నేలమీద ఉంది, దుప్పటి ఆవిడ మీద ఉంది. గుండె ఆగిందన్నారు. మర్నాడు మామూలుగానే బస్తాలొచ్చాయి.

"అది నా వంతక్కా," అనేది చెల్లి పడుకునే ముందు. "నా వంతు ఇంకా అలాగే ఉంది." నోర్మూసుకుని పడుకోమని కసిరేదాన్ని.

ఆ తర్వాత ఒక ముసురు పట్టిన సాయంత్రం మెత్తనయ్య మళ్లీ దుప్పటి పట్టుకొచ్చాడు. అదే ప్రశ్న అడిగాడు. చెల్లి చెయ్యి కదిలింది. గట్టిగా పట్టుకుని కిందికి లాగాను. నా చెయ్యి ఎత్తబోయాను... అంతలో వెనకనుంచి...

గొంతు సవరించుకున్న చప్పుడు. ఒకసారి... ఇంకోసారి.

మెడ తిప్పడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. నేనే తిప్పాను. బస్తాల వెనక ఆవిరి కమ్ముకుని ఉంది. ఆవిరిలోంచి ఒక చెయ్యి పైకి లేచి ఉంది. చిటికెనవేలు వంకర. మొహం కనిపించలేదు.

మెత్తనయ్య చూశాడు. ఇప్పుడు కెవ్వుమంటాడు, ఇప్పుడు కుప్పకూలిపోతాడు అని ఎదురుచూశాను. నిజం చెప్పొద్దూ, ఆశపడ్డాను కూడా. ఆయన తలూపాడు. "నువ్వా తల్లీ? రా," అన్నాడు.

ఆయన నడిచాడు. వెనకే సిమెంటు నేలమీద తడి పాదాల గుర్తులు పడుతూ వెళ్లాయి. ఆరబెట్టే గది తలుపు తీసి, ఎవరో లోపలికి వెళ్లేదాకా ఆగి, మూశాడు. గడియ వేసి వచ్చి టీ తాగాడు.

దెయ్యాలు పగబడతాయని, పీక పిసుకుతాయని చిన్నప్పుడు ఎన్ని విన్నాం! అలాంటిదేమీ జరగలేదు. మేం ఆవిడకి భయపడ్డాం. ఆవిడ ఇంకా ఆయనకే భయపడుతోంది.

ఆ రోజునుంచి మా వంతులు ఆగిపోయాయి. ఆయన అడగడం, వెనక చెయ్యి లేవడం, మేం వేళకి ఇళ్లకి వెళ్లడం. దాని గురించి ఎవరం మాట్లాడుకోలేదు. సిగ్గు లేకుండా అలవాటు పడిపోయాం. చెల్లి ఒక్కతే చిక్కి సగమైంది. ఓసారి నా కళ్లుగప్పి వెళ్లి ఆ తలుపుకి చెవి ఆనించింది. తిరిగొచ్చి నా కొంగు పట్టుకుంది.

"ఏం విన్నావే?"

"అయ్యా, చేతులు లాగేస్తున్నాయయ్యా, అంటోంది... అదే మాట... ఆపకుండా."

పని మానేసి ఇంట్లో ఉండమన్నాను. అమ్మ మందులెవరు తెస్తారంది.

నిన్న పొద్దున ఇస్త్రీ మిషను తగిలి చెల్లి వేలు కాల్చుకుంది. నా పాత నీలం చీర పీలిక చింపి కట్టు కట్టాను. విప్పుకోకుండా రెండు ముళ్లు వేశాను.

సాయంత్రం ఆయన వచ్చాడు. నేను ముందే చెల్లి రెండు చేతులూ బల్ల కింద నా చేతుల్లో ఇరికించుకున్నాను. ఎత్తనివ్వలేదు. ఒట్టు... ఎత్తనివ్వలేదు.

"ఎవరమ్మా ఆ మహాతల్లి?"

వెనక గొంతు సవరించుకున్న చప్పుడు. చెయ్యి లేచింది.

దాని పక్కన... ఇంకో చెయ్యి లేచింది.

సన్నటి చెయ్యి. వేలికి నీలం పీలిక... రెండు ముళ్లు.

కిందికి చూశాను. చెల్లి చేతులు నా చేతుల్లోనే ఉన్నాయి. వేలిమీద కాలిన బొబ్బ ఉంది. కట్టు లేదు.

"ఇద్దరూ రండమ్మా," అన్నాడు మెత్తనయ్య.

నేలమీద రెండు జతల తడి గుర్తులు మా బల్ల పక్కనుంచే వెళ్లాయి. తలుపు మూసుకుంది. గడియ పడింది. కాసేపటికి లోపల్నుంచి పెద్దమ్మ దగ్గు వినిపించింది. దాని వెనకే... సన్నగా... పిల్లికూతలు. ఆ చప్పుడు నాకు తెలుసు. నిద్రలో విన్నా గుర్తుపడతాను.

"అక్కా," అంది చెల్లి నా చెవిలో. "ఇప్పుడు తేలిగ్గా ఉందే. ఇంటికెళ్దాం పద."

దాన్ని దగ్గరికి లాక్కుని ఛాతీమీద చెవి పెట్టాను. పిల్లికూతలు లేవు. ఇంకే చప్పుడూ లేదు.