సుత్తిపిట్ట గూటిలో బంగారం

పైడితల్లి సంచిలో మొదట పెట్టినవి మగవాడి బూట్లు.

తర్వాత రెండు దుప్పట్లు, రెండు గ్లాసులు, నిమ్మకాయ ఊరగాయ రాసి మడిచిన రొట్టెలు, టార్చిలైటు పెట్టింది. బూట్లకి ముందురోజే మైనం రుద్ది మెత్తబరిచింది. మరిది జోగయ్య గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"బూట్లెందుకొదినా? బరువు."

"పన్నెండేళ్ళు నడిచినవాడి బూట్లు అరిగిపోయి ఉండవా? వచ్చేటప్పుడు మీ అన్నని ముళ్ళ మీద నడిపిస్తావేటి?"

జోగయ్య తాడు చుట్ట తీసి భుజాన వేసుకున్నాడు.

వాళ్ళ తాతలు చెరకు తోటల పనికని మద్రాసు రేవులో ఓడెక్కి ఆఫ్రికా చేరినవాళ్ళు. గురవయ్య, జోగయ్య అన్నదమ్ములు డర్బన్ విడిచి లింపోపో నదికి దక్షిణాన, తుమ్మలూ ముళ్ళపొదలూ నిండిన అడవిలో గడ్డికప్పు వేసి గుండ్రటి గుడిసెలు కట్టారు. పిట్టల్ని చూడటానికి దేశదేశాల నుంచి వచ్చేవాళ్ళకి అదొక బస. అతిథులు తెల్లవారకముందే మెడలో దుర్భిణీలు వేసుకుని బయల్దేరేవారు. పసుపు ముక్కు పిట్ట ఒకరికి, ఆకాశం రంగు రెక్కల పిట్ట ఇంకొకరికి కనబడేది. రాత్రి భోజనాల దగ్గర ఎవరేం చూశారో చెప్పుకుని చిన్నపిల్లల్లా గొడవపడేవారు.

అడవిలోంచి ఇంటికొస్తూ గురవయ్య ఈల వేసేవాడు. రెండు పొడుగ్గా, ఒకటి పైకి లేచి. అది వినగానే పైడితల్లి టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టేది. పెరట్లో నారింజ రంగు రొమ్మున్న పాటపిట్ట ఒకటుండేది. గద్ద కూతని, కప్ప బెకబెకని, గేటు కిర్రుమనడాన్ని విన్నది విన్నట్టు దింపేసేది. గురవయ్య ఈలని కూడా పట్టేసింది. రెండుమూడు సార్లు పైడితల్లి ఉత్తినే టీ పెట్టి మోసపోయింది కూడా. అప్పుడందరూ నవ్వుకున్నారు.

గురవయ్యకి పిట్టల పిచ్చితో పాటు ఇంకో పిచ్చి ఉండేది. ఎదురుగా ఉన్న ఎర్రకొండల్లో పూర్వపు రాజులు దాచిన బంగారం ఉందని వినికిడి. ఒక పొద్దున "వెళ్ళొస్తానే" అని ఒక్కడే వెళ్ళాడు. రాలేదు. ఎంత వెతికినా దొరకలేదు.

మనిషి పోయాడు, ఈల మిగిలింది. ముసలి పిట్ట దగ్గర పిల్ల పిట్ట నేర్చుకుంది. "ఈ పిట్ట ఎవరిని అనుకరిస్తోంది?" అని కొత్త అతిథులు అడిగితే పైడితల్లిది ఒకటే జవాబు. "మా ఆయన్ని. కొండకి వెళ్ళారు. వస్తారు." కానీ రోజూ అద్దం ముందు బొట్టు పెట్టుకునేటప్పుడు ఆమె వేలు నుదుటి దగ్గర ఒక్క క్షణం ఆగేది. ఉన్నాడా, లేడా? ఆమెకి తెలియాల్సింది అదొక్కటే.

నిన్న లుఫునో వచ్చింది. ఆమె ఆ ప్రాంతపు వెండా జాతి స్త్రీ. అతిథుల్ని అడవిలోకి తీసుకెళ్ళి, క్షేమంగా తీసుకొచ్చేది ఆమే. మొదటి వానలకి లోయలో ఒక పాత గూడు కొండ మీంచి కూలిపోయిందట. అది తల సుత్తిలా ఉండే గోధుమరంగు పిట్ట గూడు. ఆ పిట్ట మనిషి పట్టేంత గూడు కట్టి, ఎముకా గుడ్డా గాజుముక్కా ఏది దొరికితే అది తెచ్చి అందులో పెడుతుంది. దాని గూడు ముట్టుకుంటే పిడుగు పడుతుందని అక్కడివాళ్ళ భయం.

"నేను ముట్టలేదమ్మా, కర్రతో లాగాను. పడితే పిడుగు కర్ర మీద పడాలి," అంటూ లుఫునో కొంగు విప్పింది.

మిరియాలంత బంగారు పూసలు గుప్పెడు. వాటితో పాటు నీలిగళ్ళ తువ్వాలు పీలిక. దాని అంచున ఎర్రదారంతో కుట్టు ఉంది. జోగయ్య పూసల్ని చూశాడు. పైడితల్లి పీలికని తీసుకుంది. ఆ కుట్టు ఆమెదే.

జీపు కొండ మొదట్లో ఆగిపోయింది. అక్కణ్ణించి ముగ్గురూ ఏటి వెంట నడిచారు. ఎండ నెత్తిన పడి మాడుస్తోంది. ముళ్ళు చీర అంచుని పట్టి లాగుతున్నాయి. బూడిదరంగు జుట్టుపిట్ట ఒకటి కొమ్మ చివరికొచ్చి విసుగ్గా "క్వే... క్వే" అని అరిచింది.

"మనల్ని పొమ్మంటోంది," అంది లుఫునో.

"మా అత్తారింట్లోనూ ఇలాగే మర్యాద చేసేవారు. అయినా నేను మానలేదు," అన్నాడు జోగయ్య రొప్పుతూ. ఉదయం నుంచి పైడితల్లి నవ్వడం అదే మొదలు.

లోయ ఇరుకైంది. రెండు వైపులా ఎర్రటి బండలు గోడల్లా లేచాయి. మధ్యలో నల్లటి మడుగు, మడుగు ఒడ్డున బల్లపరుపు రాయి. జోగయ్య ఆగిపోయాడు.

"వెతుకుతున్నప్పుడు ఇక్కడే కదొదినా మనం కూచుని తిన్నది?"

"ఇక్కడే. పాటపిట్ట మీ అన్న ఈల వేస్తే వెతకడానికొచ్చిన కుర్రాళ్ళు పరిగెత్తబోయారు కూడానూ."

"ఆ. పిట్టరా బాబూ, రోజూ మా పెరట్లో వినేదే అని నేనే ఆపాను. అక్కణ్ణించి పడమటి వైపు తిరిగాం."

లుఫునో తలెత్తి చూస్తోంది. కొండకొమ్మున వానకోయిలలు గుంపుగా తిరిగి తిరిగి, ఒకే చోట రాతిలోకి దూకి మాయమవుతున్నాయి.

"అయ్యా! అవి ఎక్కడికి పోతున్నాయి?"

జోగయ్య దుర్భిణీ పెట్టాడు. "డొల్ల ఉంది! లోపల గుహ లేకపోతే అన్ని పిట్టలు పట్టవు. పదండి!"

చేతులతో, మోకాళ్ళతో పాక్కుంటూ ఎక్కారు. కొమ్మున ఒక రాతిజువ్వి బండని కావలించుకుని ఉంది. దాని వేళ్ళ వెనక మనిషి దూరేంత చీలిక. లుఫునో ఒక వేరు మీద చెయ్యి వేసి "ఇది తీగ కాదు," అంది. వేరు కండలోంచి నీలిరంగు నైలాను తాడు మూరెడు బయటికి వేలాడుతోంది. పన్నెండేళ్ళలో చెట్టు ఆ ముడి మీదుగా పెరిగి దాన్ని మింగేసింది. తాడు కొస పీచులు పీచులుగా ఉంది.

పైడితల్లి ఆ కొసని అరచేతిలో పెట్టుకుని చూసింది. "నన్ను దింపండి," అంది.

"ముందు నేను," అన్నాడు జోగయ్య.

"నీ పొట్ట దూరితే అప్పుడు చూద్దాం. దింపండి!"

లుఫునో తాడుని చెట్టుకి రెండు చుట్లు చుట్టి బిగించి పట్టుకుంది. పైడితల్లి సంచి భుజాన తగిలించుకుని దిగింది. ఆమె వెనక జోగయ్య కూడా ఎలాగో ఒదిగి దిగాడు. మూడు నిలువుల లోతు. గబ్బిలాల కంపు, చల్లటి చీకటి. కాళ్ళ కింద సన్నటి పాయ పారుతోంది. జోగయ్య టార్చి వేశాడు. గోడ వారన మట్టికుండలు వరసగా ఉన్నాయి. దగ్గరున్న కుండలో చెయ్యి పెట్టి తీస్తే పిడికిలి నిండా పూసలు పచ్చగా మెరిశాయి.

"వదినా! ఉందొదినా! అన్నయ్య చెప్పింది నిజం! కుండలకి కుండలు!"

అతను టార్చి తిప్పాడు.

ఎదుటి గోడలో బెత్తెడు వెడల్పు చీలిక ఉంది. దాంట్లోంచి పగటి వెలుగు గీతలా పడుతోంది. ఆ వెలుగు పక్కన, ఎత్తయిన రాతిగట్టు మీద గోడకి ఆనుకుని గురవయ్య ఉన్నాడు. ఎముకలు, నడుముకి చుట్టిన తాడు ముక్క, రాతికొనకి జాగ్రత్తగా తగిలించిన దుర్భిణీ. ఒక కాలి ఎముక రెండు ముక్కలై ఉంది. పక్కనే ఒక కుండ.

పైడితల్లి అతని దగ్గర కూర్చుంది. ఆ కుండలో చెయ్యి పెట్టింది. ఖాళీ. మిగతా కుండలన్నీ నిండుగానే ఉన్నాయి. ఇదొక్కటే అడుగు వరకూ ఖాళీ. నీలిగళ్ళ పీలిక ఒకటి చీలికలో ఇంకా ఇరుక్కుని ఉంది. బయట ఎవరైనా చూస్తారని బంగారాన్ని గుప్పెళ్ళతో విసిరాడు, తువ్వాలు చింపి పీలికలు తోశాడు. చూసింది సుత్తిపిట్ట. ఏరుకుపోయి గూట్లో పెట్టుకుంది.

ఆమె చీలికకి కన్ను ఆనించింది. కింద నల్లటి మడుగు. మడుగు ఒడ్డున బల్లపరుపు రాయి.

జోగయ్య వచ్చి, ఆమె పక్కకి జరిగితే చూశాడు. చూసి, నీళ్ళలో కూలబడ్డాడు. పిడికిలిలోని పూసలు జారిపోయాయి.

"పిట్ట కాదొదినా... అరిచే ఓపిక లేక ఈల వేశాడు."

"ఊఁ."

"నేనే ఆపాను. పిట్టల సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలీదని..."

"నేనూ విన్నాను జోగయ్యా. నేనూ పిట్టనే విన్నాను. కాపురం చేసినదాన్ని, నాకే తెలీలేదు. నీకెలా తెలుస్తుంది నాయనా?"

అప్పుడు ఉరుముకి కొండ అదిరింది. పైనుంచి లుఫునో కేక వేసింది. "అమ్మా! వాన! కొండ మీద వాన! వచ్చేయండి!"

ఆ మాట గుహలో మారుమోగుతుండగానే మూలనున్న బొరియలోంచి ఎర్రనీళ్ళు ఒక్కపెట్టున ఎగదన్నాయి. మడమలు మునిగాయి, పిక్కలు మునిగాయి. కుండలు ఒరిగి ఒకదాన్నొకటి గుద్దుకుని పగులుతున్నాయి. బంగారం నీళ్ళలో సుడి తిరుగుతోంది. జోగయ్య కదల్లేదు.

"నువ్వెక్కొదినా. నేను అన్నయ్య దగ్గరే ఉంటాను."

పైడితల్లి అతని చెంప మీద ఫెళ్ళున కొట్టింది. "లే! ఒకణ్ణి ఇక్కడ వదిలేశాను. రెండోవాణ్ణి వదలను. లేస్తావా, నేనూ కూచోనా?"

అతను లేచాడు. ఆమె తాడు అతని చంకల కింద కట్టింది. "లాగవే లుఫునో!" అని అరిచింది. తాడు బండ అంచున కిర్రుమంది. పాత తాడు కోసుకుపోయిన అంచు అదే.

"దుప్పటి! అంచు కింద దుప్పటి పెట్టు!" అని కేక వేస్తూ తాడు విప్పి, సంచిలోని దుప్పటి ఉండచుట్టి దాని కొసకి కట్టింది. లుఫునో దాన్ని లాక్కుని రాతిమీద మడతలు వేసి, తాడు మళ్ళీ అతనికి వదిలింది. జోగయ్య బరువుకి తాడు నిగడదన్నింది కానీ తెగలేదు. పైకి చేరగానే అతను చీలిక దగ్గర బోర్లా పడుకుని తాడు కిందికి వదిలాడు.

"వదినా! పట్టుకో! పట్టుకోవే తల్లీ!"

నీళ్ళు నడుం దాకా వచ్చాయి. పైడితల్లి సంచిలోంచి బూట్లు తీసింది. గురవయ్య పాదాల పక్కన, నీళ్ళు ఇంకా అందని రాతిగట్టు మీద జతగా పెట్టింది. తాడు నడుముకి చుట్టుకుంది. ఇద్దరూ లాగుతుంటే గోడకి తన్నుకుంటూ, జారుతూ, మళ్ళీ తన్నుకుంటూ పైకి వచ్చింది. ఆమె వెనక గుహ హోరుమంది. చీలికలోంచి వస్తున్న వెలుగు గీత మసకబారి ఆరిపోయింది.

ముగ్గురూ జువ్వి కింద వానలో తడుస్తూ పడి ఉన్నారు. జోగయ్య జేబు తడుముకున్నాడు. ఒక్క పూస మిగిలింది. దాన్ని చీలికలోకి విసిరేశాడు. "ఎవరికీ చెప్పొద్దు లుఫునో. మనుషులు వచ్చి తవ్వుతారు. అన్నయ్యని కదుపుతారు."

"నేను ఏమీ ముట్టలేదయ్యా. నాకేం తెలుసు?" అంది లుఫునో. అతని చెయ్యి మాత్రం గట్టిగా పట్టుకుంది.

మర్నాడు పొద్దున పైడితల్లి కుంకుమ భరిణె మూతపెట్టి బీరువాలో ఉంచింది. టీ ట్రే పట్టుకుని వరండాలోకి వచ్చింది. ముందురోజే దిగిన అతిథులు, పిట్టల కోసం సముద్రాలు దాటి వచ్చిన దంపతులు, పెరట్లోకి చెవి ఒగ్గి కూర్చున్నారు. పొదలోంచి ఈల వినిపించింది. రెండు పొడుగ్గా, ఒకటి పైకి లేచి.

"అబ్బ, అచ్చం మనిషే!" అంది ఆవిడ. "ఎవరిని అనుకరిస్తోందండీ?"

మెట్ల మీద కూర్చున్న జోగయ్య తల దించుకున్నాడు. పైడితల్లి ముగ్గురికీ టీ పోసి, అతని గ్లాసు అతని చేతికిచ్చింది.

"మా ఆయన్ని. పేరు గురవయ్య. పంతొమ్మిది వందల తొంభై ఏడు ఆగస్టులో కొండకి వెళ్ళారు. తిరిగి రాలేదు."